కార్బన్ ఫైబర్ బానెట్: సందు ఎందుకు కుదరదు?

చాలా కార్లలో బానెట్ అంచుకూ ఫెండర్ (ముందు చక్రం పైనుండే రేకు) అంచుకూ మధ్య మూడు నుంచి అయిదు మిల్లీమీటర్ల సందు ఉంటుంది. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకే వెడల్పుతో సాగినంత కాలం కన్ను దాన్ని పట్టించుకోదు. ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే మాత్రం కొలబద్ద అక్కర్లేకుండానే పట్టేస్తుంది. కంపెనీ ఇచ్చిన ఉక్కు బానెట్ తీసేసి, బయట కొన్న కార్బన్ ఫైబర్ బానెట్ వేయించుకున్న కార్లలో ఈ తేడా తరచుగా కనబడుతుంది. నింద వెంటనే బిగించిన మెకానిక్ మీద పడుతుంది. కానీ చాలాసార్లు ఆ తేడా ఆయన స్పానర్ పట్టకముందే పుట్టి ఉంటుంది. కొంత అచ్చులో పుడుతుంది, మిగిలినది ఎండలో.

ఉక్కు బానెట్‌ను భారీ ప్రెస్సు కింద ఒకే డై మీద కొడతారు కాబట్టి ప్రతి రేకూ ముందుదానికి నకలుగా వస్తుంది. కార్బన్ బానెట్ అలా తయారు కాదు. అచ్చులో కార్బన్ బట్ట పరిచి, రెజిన్ అనే గట్టిపడే జిగురు పట్టించి, గట్టిపడ్డాక ఊడదీస్తారు. గట్టిపడేటప్పుడు రెజిన్ కుంచించుకుంటుంది. ఎపాక్సీ రకం రెజిన్ కాస్త తక్కువ, చౌక రకాల్లో వాడే పాలిస్టర్ బాగా ఎక్కువ. లోపలి కార్బన్ పోగులు మాత్రం కుంచించుకోవు. ఈ పెనుగులాటలో 90 డిగ్రీలకు మడవాల్సిన అంచు 89 దగ్గర నిలుస్తుంది. పూర్తిగా గట్టిపడకముందే అచ్చు నుంచి తీసేస్తే వంకర ఇంకా పెరుగుతుంది.

కార్బన్ పోగు మందం వెంట్రుకలో దాదాపు పదో వంతు. స్వెట్టర్ల ఉన్నిలా వాడే యాక్రిలిక్ కుటుంబానికి చెందిన దారాన్ని ముందు గాలిలో మెల్లగా వేడెక్కించి, ఆ తర్వాత ఆక్సిజన్ తగలకుండా వెయ్యి డిగ్రీలు దాటించి వేడి చేస్తే దాదాపుగా కార్బన్ మాత్రమే మిగులుతుంది. ఈ దారికి బాట వేసినవారు 1960ల తొలినాళ్లలో జపాన్ శాస్త్రవేత్త అకియో షిండో. 1981లో మెక్‌లారెన్ సంస్థ తన ఫార్ములా వన్ కారు చట్రాన్నే దీనితో చేసింది. అక్కడి నుంచి అది మామూలు కార్ల బానెట్ దాకా వచ్చింది.

ఆ పోగులను బట్టగా నేస్తారు. వరంగల్ కొత్తవాడలో మగ్గం ముందు కూర్చునే నేతగాడికి ఆ బట్ట చూపిస్తే విప్పి చెప్పాల్సింది పెద్దగా ఉండదు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాలో ఉన్నట్టే ఇందులోనూ పడుగూ పేకా ఉంటాయి. బానెట్ మీద మెరిసే ఏటవాలు గీతలు కూడా నేత పనే. పేక పోగు రెండు పడుగుల పైనుంచి, రెండింటి కిందుగా పోతూ, ప్రతి వరసలో ఒక పోగు పక్కకు జరుగుతుంది. జంపఖానాను పడుగు వెంట లాగితే సాగదు, మూల నుంచి మూలకు లాగితే సాగుతుంది. గట్టిపడిన కార్బన్ రేకు స్వభావమూ అంతే. పోగుల దిశలో దాని బిరుసుతనం సుమారు 65 గిగాపాస్కల్స్, అంటే అల్యూమినియంకు దగ్గర. 45 డిగ్రీల ఏటవాలులో అది దాదాపు పావు వంతుకు పడిపోతుంది. అందుకే బానెట్‌ను ఒక మూల పట్టుకుని ఎత్తితే మెలితిరుగుతుంది. పొరలను వేర్వేరు కోణాల్లో పరిచినవారి బానెట్ నిలుస్తుంది. అందం కోసం అన్నిటినీ ఒకే దిశలో పరిచినవారిది ఊగుతుంది. కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే, ఎవరూ అడగనిదీ ఇదే.

ఉక్కు బిరుసుతనం 200 గిగాపాస్కల్స్ కదా, మరి కార్బన్‌కు గట్టిదన్న పేరెలా వచ్చింది? జవాబు మందంలో ఉంది. రేకు వంగకుండా నిలిచే శక్తి మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 0.7 మిల్లీమీటర్ల ఉక్కు రేకు చదరపు మీటరుకు అయిదున్నర కిలోలు తూగుతుంది. ఒకటిన్నర మిల్లీమీటర్ల కార్బన్ రేకు రెండుంపావు కిలోలే తూగినా, పోగుల దిశలో మూడింతలు గట్టిగా వంపును అడ్డుకుంటుంది. మొత్తం బానెట్ మీద మిగిలేది పది కిలోల అటూ ఇటూ. టన్ను బరువున్న కారులో అది ఒక శాతం. హనుమకొండ చౌరస్తా నుంచి కాజీపేట వెళ్లేలోపు ఆ తేడాను పసిగట్టే డ్రైవరు ఉంటే ఆయనను నేరుగా రేసుకు పంపాలి. మిగతావారు కొనేది అందం కోసమని ఒప్పుకోవడంలో తప్పేమీ లేదు.

ఇక ఎండ సంగతి. జనవరి తెల్లవారుజామున వరంగల్‌లో 15 డిగ్రీలు ఉండవచ్చు. మే మధ్యాహ్నం ఎండలో నిలిపిన నల్లని బానెట్ ఉపరితలం 70 డిగ్రీలు దాటుతుంది. అరవై డిగ్రీల తేడాకు 1.4 మీటర్ల వెడల్పున్న ఉక్కు బానెట్ ఒక మిల్లీమీటరు వ్యాకోచిస్తుంది. కార్బన్ బానెట్ అందులో అయిదో వంతు కదిలితే ఎక్కువ, ఎందుకంటే పోగు తన పొడవు వెంట వేడికి వ్యాకోచించదు, పైగా రవ్వంత కుంచించుకుంటుంది. కారు ఒళ్లు మాత్రం ఉక్కే. వేసవిలో ఫెండర్లు రెండూ దూరం జరుగుతాయి, మధ్యలో బానెట్ కదలకుండా ఉంటుంది, సందు పెరుగుతుంది. చలికాలంలో తగ్గుతుంది. ఫెండర్లు బానెట్ అంత వేడెక్కకపోయినా రెండు పక్కలా కలిపి అర మిల్లీమీటరు తేడా వస్తుంది. కాబట్టి మే మధ్యాహ్నం ఆరుబయట సందు బిగుతుగా సరిచేస్తే జనవరికి అది ఇంకా బిగుసుకుంటుంది. నీడలో, లోహం చల్లబడ్డాక చేయాల్సిన పని ఇది. సందును మూడు మిల్లీమీటర్ల కంటే తగ్గించవద్దని నా సలహా. స్పీడ్ బ్రేకర్ దాటేటప్పుడు కారు ఒళ్లు కూడా కాస్త మెలితిరుగుతుంది, అంచులు రాసుకుంటే ముందు పోయేది ఫెండర్ రంగు.

కార్బన్ పేరుతో అమ్మే బానెట్లలో కొన్నింటికి పైపొర మాత్రమే కార్బన్. కింద ఉండేది గాజు పీచు. గాజు పీచు రేకు వేడికి కార్బన్ రేకు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది. అతుక్కుని ఉన్న రెండు పొరల్లో కిందిది ఎక్కువ పెరిగితే రేకు వంగి, మూలలు పైకి లేస్తాయి. మధ్యాహ్నం లేచిన మూలలు రాత్రికి మళ్లీ కూర్చుంటాయి. ఎన్ని బోల్టులు సర్దినా ఈ జబ్బు నయం కాదు. దీనికి తోడు, మామూలు గది వేడిలోనే గట్టిపరిచిన ఎపాక్సీ రకాలు చాలావరకు 60, 70 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది. అలాంటి బానెట్‌ను బిగించే రోజు దాకా రేకుల షెడ్డులో గోడకు వాల్చి ఉంచితే, ఆ వాలు దానికి శాశ్వతంగా అబ్బుతుంది.

బిగించడానికి ఇద్దరు కావాలి. పాతది విప్పే ముందు మడతబందుల చుట్టూ పెన్సిల్‌తో గీత గీయాలి. కంపెనీ వాటిని ఎక్కడ నిలిపిందో చెప్పే ఏకైక సాక్ష్యం ఆ గీత. ఫెండర్ అంచులకు మాస్కింగ్ టేపు వేసి, కొత్త బానెట్‌ను మడతబందులకు చేతి బిగువుతో పట్టించాలి. లాక్‌లోకి దిగే కొక్కేన్ని అప్పుడే పెట్టకూడదు. పెడితే లాక్ బానెట్‌ను తన వైపు లాక్కుని మడతబందుల తప్పును దాచేస్తుంది. అద్దం వైపు అంచుతో మొదలుపెట్టాలి, ఎందుకంటే దాన్ని సర్దగలిగేవి మడతబందులు మాత్రమే. వాటి పొడవాటి రంధ్రాల్లో బోల్టులను జరుపుతూ ముందూ వెనుకా సరిచూడాలి. ఇక్కడ ఓపిక కావాలి. ఒక మడతబందు రెండోదాని కంటే ఒక్క మిల్లీమీటరు ముందుకు జరిగితే, మీటరు పొడవున్న బానెట్ కొస దాదాపు అంతే పక్కకు తిరుగుతుంది. పక్కల సందులు కుదిరాక ముందు వైపు ఎత్తును రబ్బరు స్టాపర్లు తిప్పి ఫెండర్లతో సమం చేయాలి. లాక్ వంతు అన్నిటికంటే చివర.

బోల్టు బిగింపు దగ్గర అలవాటైన చెయ్యి మోసం చేస్తుంది. ఎం6 బోల్టును (ఆరు మిల్లీమీటర్ల మందమున్నది) పది న్యూటన్ మీటర్ల బలంతో తిప్పితే అది రేకును నొక్కే బలం 800 కిలోలకు పైమాటే. చిన్న వాషర్ కింద ఆ ఒత్తిడి రెజిన్ నలిగే స్థాయికి చేరుతుంది. బానెట్ తయారీదారు బిగువు ఎంతో చెప్పి ఉంటే దాన్ని దాటకూడదు. 24 మిల్లీమీటర్ల వెడల్పు వాషర్ వేస్తే ఒత్తిడి అయిదో వంతుకు తగ్గుతుంది. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి కావాలి. కార్బన్ విద్యుత్తును ప్రసరింపజేస్తుంది కాబట్టి వాన నీరు తగిలితే దానికీ జింకు పూత బోల్టుకూ మధ్య చిన్న బ్యాటరీ ఏర్పడి పూతను తినేస్తుంది. అంచు గీకాల్సి వస్తే నీళ్లతో తడుపుతూ, మాస్కు పెట్టుకుని గీకాలి.

తేలికదనానికీ ఒక వెల ఉంది. తెరిచిన బానెట్‌ను ఎత్తి పట్టే గ్యాస్ స్ట్రట్లు ఉక్కు బానెట్ బరువుకు లెక్కగట్టినవైతే, కార్బన్ బానెట్‌ను అవసరానికి మించి తోసి, అవి తగిలే చోట పగులు తెస్తాయి. వాటిని తక్కువ బలం ఉన్నవాటితో మార్చాలి. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో గాలి ఒత్తిడి చదరపు మీటరుకు 47 కిలోలు. అందులో మూడో వంతు పైకి పీల్చినా 15 కిలోలు దాటుతుంది. ఎనిమిది కిలోల బానెట్‌ను తన బరువు కిందికి పట్టి ఉంచలేదు, ఆ భారమంతా లాక్ మోయాలి. అందుకే కొందరు అదనంగా బానెట్ పిన్నులు వేయిస్తారు, హైదరాబాద్ దారిలో వేగంగా పోయేవారికి అది వృథా ఖర్చు కాదు. మూసేటప్పుడు పైనుంచి వదిలేయకుండా, లాక్‌కు ఇరువైపులా అరచేతులతో నొక్కాలి. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ వాహన మార్పులకు హద్దులు పెట్టింది కాబట్టి రవాణా కార్యాలయాన్నీ బీమా సంస్థనూ కొనకముందే అడగడం మంచిది.

కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక బోల్టులు మరోసారి చూడాలి, ఒత్తిడి కింద రెజిన్ మెల్లగా సర్దుకుని బిగువు తగ్గుతుంది. అదే వారంలో సందును పక్కకు మూడేసి చోట్ల, ఒకసారి తెల్లవారాక, ఒకసారి ఎండలో నిలిపి కొలిచి రాసుకోండి. రెండు కొలతల మధ్య తేడా ఎక్కడైనా మిల్లీమీటరు దాటితే మెకానిక్‌ను పిలిచి లాభం లేదు, బిల్లు పట్టుకుని అమ్మినవారి దగ్గరకే వెళ్లాలి.