పాత ట్రాక్టరు వెనక మొద్దులు చీల్చే మిషను: పిల్లలకో ఉత్తరం

హైదరాబాద్

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య దీవెనలు.

షెడ్డులో పాత మాస్సీ ట్రాక్టరు వెనక తగిలించే మిషను మొద్దుల్ని ఎలా చీలుస్తుందో రాయమన్నారు. గొడ్డలి దెబ్బకు లొంగని చింత మొద్దు, నత్తలా కదిలే ఇనప రాడ్డుకు ఎలా లొంగుతుందని అడిగారు. చాలా మంచి ప్రశ్న. జవాబంతా నూనెలో ఉంది.

ముందు ఒక చిన్న పని చేయండి. మందుల షాపులో సూది లేని సిరంజిలు రెండు కొనండి, 2 మి.లీ.ది ఒకటి, 20 మి.లీ.ది ఒకటి. రెండింటి మూతులనూ సెలైన్ పైపు ముక్కతో కలిపి, గాలి బుడగ లేకుండా నీళ్ళు నింపండి. పెద్ద సిరంజిని నాన్నను గట్టిగా పట్టుకోమని, చిన్నదాన్ని మీరు బొటనవేలితో నొక్కండి. ఆపడం ఆయనకు కష్టమవుతుంది. కానీ మీది చాలా దూరం దిగితే ఆయనది కొంచెమే లేస్తుంది. బలం పెరిగిన మేరకు దూరం తగ్గిందన్నమాట. మీ సైన్సు పుస్తకంలో పాస్కల్ నియమం అని చదువుకునేది ఇదే. దీన్ని ఆధారం చేసుకునే 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు తీసుకున్నాడు. తర్వాత కావాలనే ఒక బుడగ వదిలి నొక్కి చూడండి, చేతికి మెత్తగా స్పాంజిలా తగులుతుంది. మిషను నూనెలో గాలి చేరినా సరిగ్గా అలాగే అవుతుంది.

ఇప్పుడు మన మిషను లెక్క. ఇందులో పంపు చిన్న సిరంజి లాంటిది, సిలిండర్ పెద్ద సిరంజి లాంటిది. నూనె సిలిండర్ లోపలి పిస్టన్‌ను తోస్తే, దానికి తగిలించిన రాడ్ మొద్దునూ ఉక్కు మొననూ ఒకదానికొకటి అదుముతుంది. సిలిండర్ లోపలి వ్యాసం 100 మి.మీ., అంటే పిస్టన్ ముఖం వైశాల్యం 78.5 చదరపు సెం.మీ. ప్రెషర్ చూపే గేజ్ ముల్లు 150 బార్ దగ్గర ఉంటే ఒక్కో చదరపు సెంటీమీటరు మీద సుమారు 153 కిలోల తోపు. గుణించండి, 12,000 కిలోలు వస్తుంది. పెద్ద మగ ఏనుగు 4 టన్నులు అనుకుంటే, మూడు ఏనుగుల బరువు ఒక్క ఉక్కు మొన మీద పడ్డట్టు.

తోపు ప్రెషర్ వల్ల వస్తుంది. వేగం మాత్రం పంపు నిమిషానికి ఎన్ని లీటర్లు తోస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఈ రెండిటినీ కలిపేయకండి, మిషనుకు జబ్బు చేసినప్పుడు సగం జబ్బు ఈ తేడాతోనే దొరుకుతుంది. రాడ్ 60 సెం.మీ. ముందుకు పోవాలంటే సిలిండర్‌లోకి 4.7 లీటర్ల నూనె వెళ్ళాలి. నిమిషానికి 15 లీటర్లు ఇచ్చే పంపుతో దానికి 19 సెకన్లు పడుతుంది. 40 లీటర్లు ఇచ్చే పంపైతే 7 సెకన్లు. వెనక్కి వచ్చేటప్పుడు రాడ్ కొంత చోటు ఆక్రమిస్తుంది కాబట్టి తక్కువ నూనె చాలు, అందుకే రాక పోక కంటే త్వరగా ఉంటుంది.

"ట్రాక్టరుకే హైడ్రాలిక్ ఉంది కదా, వేరే పంపెందుకు?" అని అడుగుతారు. పాత మాస్సీలో పంపు వెనక హౌసింగ్ లోపల నూనెలోనే మునిగి ఉంటుంది, దాన్ని పీటీఓ షాఫ్టే (ఇంజిన్ తిప్పే బలాన్ని ట్రాక్టరు వెనక్కి అందించే ఇరుసు) తిప్పుతుంది. పీటీఓ లివర్ వేయకపోతే నాగలి కూడా లేవదు, చూసే ఉంటారు. గేర్లకూ, డిఫరెన్షియల్‌కూ, పంపుకూ ఒకటే నూనె. సిలిండరునూ పైపులనూ దానికి తగిలిస్తే 5 లీటర్ల దాకా అవే తాగేస్తాయి, ఆ మేరకు గేర్ల దగ్గర మట్టం పడిపోతుంది. అది సరిపడా నూనె పోస్తే తీరే కష్టం. తీరనిది ఇంకోటి: రాడ్డుకు అంటుకున్న కట్టె పొట్టు, దుమ్ము, వాన తడి సీల్ (నూనె కారకుండా ఆపే చుట్టు) దాటి లోపలికి పోతే నేరుగా గేర్ బాక్సులోకే చేరతాయి. మొద్దుల కోసం ట్రాక్టరు గేర్లను అరగదీసుకోవడం నాకు సమ్మతం కాదు. అందుకే పంపూ, ట్యాంకూ వేరుగా పెట్టి, ట్రాక్టరు దగ్గర తిప్పే బలం మాత్రమే తీసుకోవడం మేలంటాను.

పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. గేర్ పంపుకు అది చాలదు, కాబట్టి మధ్యలో 1:3 గేర్ బాక్సు పెడతారు. అప్పుడు 1620 చుట్లు అవుతుంది. చుట్టుకు 27 సీసీ తోసే పంపైతే, కారడం పోగా నిమిషానికి 40 లీటర్లు వస్తుంది. 150 బార్ దగ్గర దానికి 16 హార్స్‌పవర్ వరకు కావాలి, 35 హార్స్‌పవర్ ట్రాక్టరుకు అది పెద్ద బరువు కాదు. ఈ సామాను రాణిగంజ్‌లోనూ బాలానగర్‌లోనూ దొరుకుతుంది, హోస్ పైపులకు ఫిట్టింగులు కూడా అక్కడే ప్రెస్ చేసి ఇస్తారు. పంపు కొనేటప్పుడు ఎటు తిరగాలో దాని మీద ఉన్న బాణం గుర్తు చూడాలి. గేర్ బాక్సు దిశను మార్చేస్తుందేమో చూసుకోకుండా బిగిస్తే, స్టార్ట్ చేసిన నిమిషంలోనే షాఫ్ట్ సీల్ బయటికి తన్నుకొస్తుంది.

ట్యాంకు 50 లీటర్లకు తగ్గకూడదు. మన ఎండలకు 68 నంబర్ హైడ్రాలిక్ ఆయిల్ సరిపోతుంది. పంపుకు నూనె వెళ్ళే పైపు లోపలి వ్యాసం అంగుళంపావు ఉండాలి, పొట్టిగా, వంపుల్లేకుండా. ఇక్కడ సన్న పైపు వేస్తే పంపుకు నూనె అందదు, లోపల గులకరాళ్ళు పోసి ఆడించినట్టు చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వినపడగానే ఆపేయాలి, లేకపోతే పంపు లోపలి గేర్లు గుంటలు పడిపోతాయి. తిరిగొచ్చే పైపు మూతి నూనె మట్టం కింద మునిగి ఉండాలి. పై నుంచి ధారగా పడితే నురగ కడుతుంది. ఆ పైపు మీద 25 మైక్రాన్ల ఫిల్టరు తప్పనిసరి.

నూనె ఎప్పుడు కొలవాలో చాలామందికి తెలియదు. రాడ్ పూర్తిగా లోపల ఉన్నప్పుడే కొలవాలి. మన రాడ్ మందం 50 మి.మీ. అది బయట ఉన్నప్పుడు మూతిదాకా నూనె పోశారనుకోండి, లోపలికి వచ్చేటప్పుడు దాని చోటులోని 1.2 లీటర్ల నూనె ట్యాంకులోకి వచ్చిపడి పొంగి నేలపాలవుతుంది. కొత్తగా నింపినప్పుడు ఇంజిన్ మెల్లగా నడిపి, మొద్దు పెట్టకుండా రాడ్‌ను ఐదారుసార్లు ముందుకూ వెనక్కీ ఆడిస్తే గాలి పోతుంది. తర్వాత మళ్ళీ కొలిచి తక్కువైంది పోయాలి. నూనె పాలు కలిపిన చాయ్‌లా కనిపిస్తే నీళ్ళు కలిశాయని అర్థం, మొత్తం మార్చాల్సిందే.

ఇక జబ్బుల సంగతి. రాడ్ నిదానంగా పోతూ గట్టి మొద్దును కూడా చీలుస్తోందా? అయితే నూనె తక్కువ వస్తోంది: ఇంజిన్ వేగం, నూనె వడగట్టే జాలీ, పంపు అరుగుదల, ఈ వరసలో చూడాలి. చురుగ్గా కదిలి ముడి దగ్గర ఆగిపోతోందా? అది ప్రెషర్ జబ్బు. రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ హద్దు దాటితే నూనెను ట్యాంకులోకి వదిలేసేది) తక్కువకు సెట్టయి ఉండొచ్చు, లేదా పిస్టన్ సీల్ చిరిగి ఉండొచ్చు. ఏదో తేల్చుకోవాలంటే రాడ్‌ను చివరిదాకా బయటికి పంపి, ఇంజిన్ ఆపి, రాడ్‌ను నడిపే వాల్వ్ లివర్‌ను అటూ ఇటూ కదిపి ప్రెషర్ వదిలేయాలి. రాడ్ వైపు పైపు విప్పి, దాని కొసకు మూత బిగించి, సిలిండర్ రంధ్రం కింద డబ్బా పెట్టాలి. అందరూ పక్కకు జరిగాక ఇంజిన్ నడిపి ముందుకే ప్రెషర్ ఇస్తే, రంధ్రంలోంచి నూనె కారుతూనే ఉంటే సీల్ పోయినట్టే. మొదట వచ్చే నాలుగు చుక్కలు లెక్కలోకి రావు. అక్కడేమీ కారకపోతే రిలీఫ్ వాల్వ్ చూడాలి. అంతే కానీ రిలీఫ్ స్క్రూను ఇష్టమొచ్చినట్టు బిగించకూడదు, పైపో సిలిండరో పగులుతుంది.

పైపుల మీద నూనె తడి కనిపిస్తే వేలితో తడమకండి. సూది మొనంత రంధ్రంలోంచి 150 బార్ల నూనె చర్మాన్ని చీల్చుకుని కండలోకి పోతుంది. పైకి చిన్న చుక్కలా ఉంటుంది, నొప్పి కూడా మొదట్లో ఉండకపోవచ్చు, కానీ గంటల్లో చెయ్యి పోయే ప్రమాదం. అట్టముక్క అడ్డుపెట్టి చూడాలి. ఒంట్లోకి వెళ్ళిందని అనుమానం వచ్చినా వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి, నూనె వెళ్ళిందని డాక్టరుకు చెప్పాలి.

పీటీఓ షాఫ్టు సెకనుకు 9 చుట్లు తిరుగుతుంది. చున్నీ కొస, జడ, కండువా, లుంగీ అంచు, ఏది చిక్కినా లాగేసుకుంటుంది. ప్లాస్టిక్ కవర్ లేని షాఫ్టు దగ్గరికి మీరు వెళ్ళకూడదు. మిషను నడుస్తుంటే 5 మీటర్ల అవతలే నిలబడండి, బిగిసిన మొద్దు ముక్క ఎగిరి వస్తుంది. ఇంకో మాట, చేతులు పోయే ప్రమాదాలు ఎక్కువగా ఒకరు మొద్దు పెడుతుంటే ఇంకొకరు లివర్ లాగినప్పుడే జరుగుతాయి. మొద్దు పెట్టినవాళ్ళే లివర్ పట్టాలి, మధ్యలో వేరే చెయ్యి రాకూడదు. లివర్ వదలగానే రాడ్ ఆగిపోయే వాల్వే కొనాలి.

మొద్దులు 45 సెం.మీ. పొడవున, రెండు కొసలూ చదునుగా కోయాలి. ఏటవాలుగా కోస్తే జారి పక్కకు తిరుగుతుంది. ఉక్కు మొన కత్తిలా పదును ఉండనక్కర్లేదు. మొన దిగిన నాలుగైదు సెంటీమీటర్ల తర్వాత దాని బుగ్గలే నారను రెండు వైపులకూ తోస్తాయి, ముందు పగులు తనంతట తాను పరిగెత్తుతుంది, దగ్గరుంటే టపటపమని వినపడుతుంది కూడా. నీలగిరి, తుమ్మ పచ్చిగా ఉన్నప్పుడే చీల్చాలి, ఎండితే రాయే. చింత నార మెలికలు తిరిగి ఉంటుంది, నడిమధ్యలో పెట్టకుండా అంచు నుంచి పలకలుగా తీస్తూ రావాలి. రంజాన్ నెలలో హలీం భట్టీల దగ్గర కాలే కట్టెలు చూడండి, చీల్చి ఎండబెట్టినవాటికీ పచ్చి దుంగలకూ పొగలో తేడా దూరం నుంచే తెలుస్తుంది. గాలివానకు పడిన చెట్టు సరే, నిలబడి ఉన్న చెట్టు కొట్టాలంటే మాత్రం 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి కావాలి.

పనయ్యాక రాడ్‌ను పూర్తిగా లోపలికి లాగి, ఇంజిన్ ఆపి, లివర్‌ను రెండు వైపులా కదిపి పైపుల్లో మిగిలిన ప్రెషర్ వదిలేయాలి. రాడ్ బయట ఉండగా నాలుగు రోజులు వాన తగిలితే దాని మెరుపు పూత మీద తుప్పు చుక్కలు లేస్తాయి, ఆ చుక్కలే మర్నాడు సీల్‌ను కోసేస్తాయి. తర్వాత టార్పాలిన్ కప్పి, కింద నుంచి గాలి ఆడేలా రెండు ఇటుకల ఎత్తున కట్టండి.

సిరంజిల పని చేశాక, చిన్నది ఎంత దిగితే పెద్దది ఎంత లేచిందో స్కేలుతో కొలిచి నాకు రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య