మిద్దె కాదు, బిల్లు చూడండి

హనుమకొండలో మా గల్లీలో ఈమధ్య ఎవరు కలిసినా ఒకటే ప్రశ్న: "సోలార్ ఎన్ని కిలోవాట్లు పెట్టాలె?" జవాబు కోసం అందరూ మిద్దె ఎక్కుతారు. జాగా ఉంటే ఐదు, లేకుంటే మూడు అంటారు. మిద్దె చెప్పేది ఎన్ని ప్యానెళ్లు పడతాయో మాత్రమే. కిలోవాటుకు సుమారు వంద చదరపు అడుగులు. ఎన్ని కావాలో చెప్పేది మాత్రం మీటరే.

బకెట్లో పెట్టే వెయ్యి వాట్ల హీటరు గంటసేపు నడిస్తే ఒక యూనిటు కాలుతుంది. మన ఎండకు ఒక కిలోవాటు ప్యానెళ్లు ఏడాది సగటున రోజుకు నాలుగు యూనిట్లు, అంటే నెలకు 120 దాకా ఇస్తాయి. అందుకే 12 నెలల బిల్లులు ముందేసుకోవాలి. మే బిల్లు ఒక్కటే పట్టుకుంటే ఏసీ భారం ఏడాదంతా మోసినట్టే. మా ఇంట్లో మేలో 420 యూనిట్లు, డిసెంబరులో 160, ఏడాది సగటు నెలకు 270. అంటే రెండు కిలోవాట్లకు కాస్త ఎక్కువ.

రెండా, మూడా? వాడకం పెరిగేకొద్దీ యూనిటు రేటు పెంచే స్లాబుల వల్ల బిల్లులో చివరి యూనిట్లే ఖరీదు. సోలార్ ముందుగా కోసేది వాటినే. కాబట్టి మొదటి కిలోవాటు మిగిల్చినంత మూడోది మిగల్చదు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ సబ్సిడీ కూడా ఒక కిలోవాటుకు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు పెట్టినా ఐదు పెట్టినా 78 వేలే. నేను రెండుతో ఆగాను. ఇక గృహజ్యోతి కింద సున్నా బిల్లు వచ్చే ఇంటికి సోలార్ అంటగట్టే వాళ్లుంటే, బిల్లులో తగ్గేదేమిటని అడగండి.

ప్యానెల్ మీద రాసిన వాట్లు దాని లోపల ఎండను కరెంటుగా మార్చే సెల్లు 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటివి. మన మే నెల మధ్యాహ్నం అద్దం కింద సెల్లు 65 డిగ్రీలకు చేరుతుంది. డిగ్రీకి దాదాపు 0.35 శాతం చొప్పున 14 శాతం అక్కడే ఆవిరి. ప్యానెలుకు ఎండ కావాలి, వేడి వద్దు. రామగుండంలో ఎన్టీపీసీ జలాశయం మీద తేలే 100 మెగావాట్ల ప్లాంటుకు కింది నీళ్ల చల్లదనం కలిసొస్తుంది. మన మిద్దెకు ఆ భాగ్యం లేదు కాబట్టి, కనీసం ప్యానెళ్ల కింద గాలి ఆడేంత ఎత్తుండాలి.

వేడి కన్నా నన్ను ఎక్కువ ఏడిపించింది నీళ్ల ట్యాంకు. మూడున్నర దాటితే దాని నీడ ఒక ప్యానెల్ అంచు మీద పడేది. జానెడు నీడకు ఏం పోతుందిలే అనుకున్నా. ప్యానెల్లో సెల్లులన్నీ ఒకే గొలుసు. ఒక సెల్లు నీడలో పడితే దాని వరుస మొత్తం, అంటే మామూలుగా ప్యానెల్లో మూడో వంతు, కరెంటు ఇవ్వకుండా పక్కకు తప్పుకుంటుంది. ట్యాంకును నాలుగడుగులు జరిపించాకే సాయంత్రపు యూనిట్లు తిరిగొచ్చాయి. (కోతుల సంగతి వేరే. వాటికి ఏ లెక్కా లేదు.)

కరెంటు పోతే సోలార్ నడుస్తుందనుకుంటారు చాలామంది. బ్యాటరీ లేకుండా నేరుగా కరెంటు లైనుకు కలిపే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ ఆ క్షణమే ఆగిపోతుంది. స్తంభమెక్కిన లైన్‌మన్‌కు మన మిద్దె మీది కరెంటు తగలకుండా ఉండాలి కదా. రాత్రికి బ్యాకప్ కావాలంటే బ్యాటరీ లెక్క వేరే వేయాలి. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) లెడ్ బ్యాటరీలో 1800 వాట్ అవర్లు, అంటే 1.8 యూనిట్లుంటాయి. దాని ఆయుష్షు కోసం సగమే వాడుకోవాలి. ఇన్వర్టర్ తినేది పోను, 75 వాట్ల పాత ఫ్యాన్లు నాలుగు తిరిగితే రెండున్నర గంటలు. అవే తక్కువ కరెంటు తినే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లయితే ఆరు గంటలు.