రెండో భాగానికి పాత దర్శకుడే ఉండాలా? ఒక పాత తగాదా నేపథ్యం

ఏదైనా సినిమా బాగా ఆడితే రెండో భాగం గురించిన మాట మొదలవుతుంది, వెనువెంటనే దర్శకుడు అతనేనా కాదా అన్న ఆరా కూడా మొదలవుతుంది. పాత దర్శకుడే మళ్లీ మెగాఫోన్ పడుతున్నాడంటే ప్రేక్షకులకు సగం భరోసా దొరుకుతుంది; మరొకరి పేరు వినబడితే, ఆ మరొకరు ఎంత సమర్థులైనా, లోపల ఏదో చెడిందన్న అనుమానం సినిమా రాకముందే పుడుతుంది. ఈ భరోసాకూ ఈ అనుమానానికీ ఆధారం ఎంతో చూడాలంటే కొంత వెనక్కి వెళ్లాలి, ఎందుకంటే సినిమాను దర్శకుడి సొత్తుగా చూసే అలవాటు సినిమా అంత పాతది కాదు.

అసలు సీక్వెల్ చరిత్ర మొదలైందే దర్శకుడి మార్పుతో. 1915లో డి.డబ్ల్యు. గ్రిఫిత్ తీసిన ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’ జాతివివక్షను కీర్తించిన చిత్రంగా అపకీర్తి మూటగట్టుకున్నా జనాన్ని విపరీతంగా రప్పించింది. మరుసటి ఏడాది దానికి కొనసాగింపుగా ‘ది ఫాల్ ఆఫ్ ఎ నేషన్’ వచ్చింది. పూర్తి నిడివి సినిమాల్లో తొలి సీక్వెల్‌గా తరచూ దీన్నే చెబుతారు. దాన్ని తీసింది గ్రిఫిత్ కాదు, మొదటి సినిమాకు మూలమైన నవల రాసిన థామస్ డిక్సన్. ఆ సినిమా ప్రతి ఇప్పుడు ఎక్కడా దొరకదు కనుక అది బాగుందో లేదో తేల్చే వీలు లేదు గానీ, కొనసాగించే హక్కు కథ రాసినవాడిదా, తెరకెక్కించినవాడిదా అన్న తగాదా సీక్వెల్‌తో పాటే పుట్టిందనడానికి మాత్రం అది సాక్ష్యంగా మిగిలింది.

తర్వాత వచ్చిన పెద్ద స్టూడియోల కాలంలో ఈ తగాదాకు పెద్దగా చోటు లేకపోయింది. దర్శకుడు స్టూడియో జీతం మీద పనిచేసేవాడు, పాత్రలు స్టూడియో ఆస్తి, రెండో భాగం ఎవరు తీయాలన్నది ఆ నెలలో ఎవరు ఖాళీగా ఉన్నారన్న దాన్ని బట్టి కూడా తేలేది. 1933 మార్చిలో విడుదలైన ‘కింగ్ కాంగ్’కు అదే ఏడాది డిసెంబరులో ‘సన్ ఆఫ్ కాంగ్’ వచ్చేసింది. మొదటి దాని ఇద్దరు దర్శకుల్లో ఒకడైన ఎర్నెస్ట్ షోడ్‌శాకే దాన్ని తీశాడు, అయినా చేతికిచ్చిన డబ్బు తక్కువ, గడువు మరీ తక్కువ కావడంతో అది పలచటి సినిమాగా మిగిలిపోయింది. దీనికి పూర్తి విరుద్ధం ‘ఫ్రాంకెన్‌స్టైన్’. 1931లో దాన్ని తీసిన జేమ్స్ వేల్ కొనసాగింపు తీయడానికి మొదట ఒప్పుకోలేదు. చివరికి ఒప్పుకున్నప్పుడు తనకు నచ్చినట్టు తీసుకునే స్వేచ్ఛ దొరికింది, 1935 నాటి ‘బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’ను మొదటిదానికంటే మేలైనదని చెప్పేవారు నేటికీ ఉన్నారు. ఈ రెండు చోట్లా దర్శకుడు పాతవాడే. తేడా ఎక్కడుందంటే, ఒకరికి హడావిడి పని అప్పజెప్పారు, మరొకరిని బతిమాలి తెచ్చుకున్నారు.

సినిమాకు కర్త దర్శకుడేనన్న వాదన 1950ల్లో ఫ్రెంచి విమర్శకుల పత్రిక ‘కాయే ద్యు సినిమా’ పేజీల్లో బలపడి, 1960ల్లో అమెరికా చేరింది. అదే కాలంలో సత్యజిత్ రాయ్, ఏ స్టూడియో లెక్కలతోనూ సంబంధం లేకుండా, అపు కథను మూడు సినిమాలుగా తీశాడు. 1955లో ‘పథేర్ పాంచాలి’, 1956లో ‘అపరాజితో’ తీసేనాటికి మూడో భాగం ఆలోచన ఆయనకు లేదు. రెండోది స్వదేశంలో సరిగా ఆడలేదు కూడా. 1957లో వెనిస్ ఉత్సవంలో ఆ సినిమాకు గోల్డెన్ లయన్ దక్కిన సందర్భంలో ఇది మూడు భాగాల కథేనా అని ఎవరో అడిగితే అవునని అనేశానని రాయ్ తరువాత చెప్పుకున్నాడు. మధ్యలో వేరే సినిమాలు తీసి 1959లో ‘అపుర్ సంసార్’ పూర్తి చేశాడు. ముగ్గురు దర్శకులు తీసి ఉంటే ఆ మూడు సినిమాలకూ ఆ చూపు వచ్చేది కాదని ధైర్యంగా చెప్పవచ్చు, అయితే బిభూతిభూషణ్ బందోపాధ్యాయ నవలల్లో కథ అప్పటికే పుష్కలంగా ఉందన్న సంగతినీ మరవకూడదు.

నేటి నమ్మకానికి అసలు పునాది 1974లో వచ్చిన ‘ది గాడ్‌ఫాదర్ పార్ట్ టూ’. మొదటి భాగం తీసేటప్పుడు పారమౌంట్ స్టూడియోతో పడ్డ గొడవలతో విసిగిపోయిన ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొపోలా రెండోది తాను తీయనని, కావాలంటే మార్టిన్ స్కోర్సేసేతో తీయించమని చెప్పాడు. స్టూడియో అందుకు ఒప్పుకోకపోవడంతో ఆయన షరతులు పెట్టాడు. అందులో ఒకటి పేరు గురించి: ‘పార్ట్ టూ’ అని పెడితే మొదటి సినిమాకే మిగిలిపోయిన ముక్క అనుకుని జనం రారని స్టూడియో భయపడింది, ఆయన మాత్రం ఆ పేరే ఉండాలన్నాడు. సినిమా పేరు చివర అంకె వేసే ఆనవాయితీకి ఊపు వచ్చింది దానితోనే. ఆ సినిమాకు 6 ఆస్కార్లు వచ్చాయి, ఉత్తమ చిత్రం ఆస్కార్ అందుకున్న తొలి సీక్వెల్ అదే. పాత దర్శకుడు ఉంటే చాలన్న పాఠాన్ని చాలామంది దాని నుంచి నేర్చుకున్నారు, నిజానికి అందులో ఉన్న పాఠం వేరు: వద్దనగలిగిన స్థితిలో ఉన్న దర్శకుడు తిరిగొచ్చాడు, తనకు కావలసినది రాబట్టుకుని మరీ వచ్చాడు.

అదే దశకంలో ఎదురు ఉదాహరణలూ ఈ నమ్మకానికి బలమిచ్చాయి. సముద్రంలో షార్క్ కథ ‘జాస్’కు 55 రోజులనుకున్న షూటింగ్ 159 రోజులు సాగాక స్టీవెన్ స్పీల్‌బర్గ్ మళ్లీ ఆ సముద్రం జోలికి పోలేదు. 1978లో వచ్చిన ‘జాస్ 2’ మొదలుపెట్టిన దర్శకుడినే మధ్యలో తీసేసి జానో స్వార్క్‌తో పూర్తి చేయించారు. ‘ది ఎగ్జార్సిస్ట్’ రెండో భాగాన్ని జాన్ బూర్మన్‌కు అప్పజెప్పారు. మొదటి భాగం తీయమని తనను అడిగినప్పుడే ఆ కథ నచ్చక కాదన్న మనిషి ఆయన. 1977లో సినిమా విడుదలయ్యాక హాళ్లలో జనం నవ్వుతుంటే హడావిడిగా మళ్లీ ఎడిటింగ్ చేయాల్సి వచ్చింది. మొదటి సినిమా అంటేనే గిట్టనివాడికి రెండోది ఇవ్వడం విచిత్రమే.

ఒకే కథ, అవే పాత్రలు, ఇద్దరు దర్శకులు అనే పరీక్షకు దగ్గరగా వచ్చేది ‘సూపర్‌మ్యాన్ 2’, కనుక దాని దగ్గర కొంత ఆగాలి. నిర్మాతలు అలెగ్జాండర్, ఇల్యా సాల్‌కైండ్ తండ్రీకొడుకులు. ఒక సినిమాగా తీసిన ‘త్రీ మస్కటీర్స్’ను రెండు సినిమాలుగా విడుదల చేసి నటులతో కోర్టుకెక్కించుకున్నవారు వీరే; ఒక్కో సినిమాకు ఒక్కో ఒప్పందం ఉండాలనే షరతును హాలీవుడ్‌లో నేటికీ ‘సాల్‌కైండ్ క్లాజ్’ అంటారు. సూపర్‌మ్యాన్ విషయంలో వారు రెండు భాగాలనూ ముందే చెప్పి, రిచర్డ్ డోనర్ చేత ఒకేసారి తీయించడం మొదలుపెట్టారు. ఖర్చు, గడువుల మీద ఇరుపక్షాలకూ చెడింది. 1978లో మొదటి భాగం ఘనవిజయం సాధించినా, అప్పటికే రెండో భాగంలో సుమారు ముప్పాతిక వంతు తీసి ఉన్న డోనర్‌ను పక్కనపెట్టి, మస్కటీర్స్ తీసిన రిచర్డ్ లెస్టర్‌ను తెచ్చారు. దర్శకుడిగా పేరు వేసుకోవాలంటే సినిమాలో తగినంత భాగం తానే తీసి ఉండాలి కాబట్టి, బాగానే వచ్చిన సన్నివేశాలను కూడా లెస్టర్ మళ్లీ తీశాడు. విలన్ పాత్ర చేసిన జీన్ హ్యాక్‌మన్ తిరిగి రాకపోవడంతో కొన్నిచోట్ల పోలికున్న మనిషిని నిలబెట్టి, గొంతు అనుకరించేవారితో మాటలు చెప్పించారు. మార్లన్ బ్రాండో తండ్రిగా కనిపించాల్సిన చోట తల్లి పాత్ర వచ్చి చేరింది.

ఇన్ని అతుకులున్నా 1980 నాటి ఆ సినిమా జనానికి నచ్చింది. 2006లో డోనర్ తీసిన భాగాలతో కూర్చిన మరో రూపం విడుదలైంది. అందులో ఒక హోటల్ గది సన్నివేశం ఉంది. మామూలు విలేకరిగా తిరిగే క్లార్కే సూపర్‌మ్యాన్ అని తోటి విలేకరి లోయిస్ బయటపెట్టే ఘట్టం అది, కథకు ఆయువుపట్టు. దాన్ని డోనర్ తీయకముందే ఆయన్ను తప్పించారు గనుక, ఆ పాత్రలు చేసిన క్రిస్టఫర్ రీవ్, మార్గట్ కిడర్ వేర్వేరు రోజుల్లో ఇచ్చిన స్క్రీన్ టెస్టులను కలిపి అక్కడ పెట్టారు. రీవ్ ఒక షాట్‌లో సన్నగా, పక్క షాట్‌లో నిండుగా కనిపిస్తాడు, అయినా ఆ సన్నివేశంలోని చురుకు విడుదలైన సినిమాలో లేదు. ఇక ముగింపు సంగతి మరీ చిత్రం. భూమిని వెనక్కి తిప్పి కాలాన్ని మళ్లించడం నిజానికి రెండో భాగానికి అనుకున్న ముగింపు. మొదటి భాగానికి గట్టి ముగింపు కావాలని దాన్ని ముందే వాడేసుకున్నారు. దాంతో 2006 రూపంలో ప్రేక్షకుడు అదే ముగింపును రెండోసారి చూడాల్సి వచ్చింది. పాత దర్శకుడి దగ్గర ఆ పాత్రల నాడి ఉంది, దాచుకోవాల్సిన సరుకు మాత్రం అప్పటికే ఖర్చయిపోయింది.

1980ల్లో దర్శకుడు మారినా నిలిచిన సినిమాలు వరసగా వచ్చాయి. ‘స్టార్ వార్స్’ రెండో సినిమా ‘ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్’కు జార్జ్ లూకస్ నిర్మాణం, కథ తన చేతిలో ఉంచుకుని దర్శకత్వాన్ని తన పాత అధ్యాపకుడు అర్విన్ కెర్ష్‌నర్‌కు అప్పగించాడు, ఆ వరసలో ఉత్తమమైనదిగా ఎక్కువమంది లెక్కించేది ఆ సినిమానే. ‘స్టార్ ట్రెక్’ రెండో సినిమాకు వచ్చిన నికొలస్ మేయర్‌కు ఆ లోకంతో ముందు పరిచయమే లేదు. పాత టీవీ ఎపిసోడ్లు చూసి, 12 రోజుల్లో స్క్రిప్టు తిరగరాసి, మొదటి సినిమా కంటే చాలా తక్కువ ఖర్చుతో 1982లో ఆ వరసకు మళ్లీ ప్రాణం పోశాడు. రిడ్లీ స్కాట్ 1979 నాటి ‘ఏలియన్’లో అంతరిక్ష ఓడలో ఒక్క జీవిని వదిలి చీకటి మూలలతో భయపెడితే, 1986లో ‘ఏలియన్స్’ రాసి తీసిన జేమ్స్ కామెరాన్ ఆ భయాన్నే మళ్లీ తీయబోకుండా గుంపును దించి యుద్ధ సినిమా చేశాడు. కొత్తగా వచ్చినవాడు తనదైన ప్రశ్నతో వస్తే పాతవాడి లోటు కనిపించదని ఈ మూడూ చెబుతాయి.

ఇక్కడ లెక్కలో ఒక మెలిక ఉంది, దాన్ని విడదీయకుండా రెండు జాబితాలు వేసి పోల్చడం వల్ల ప్రయోజనం తక్కువ. మొదటి సినిమా అంచనాకు మించి ఆడితేనే రెండోది వస్తుంది, కాబట్టి ఎవరు తీసినా రెండోది కాస్త కిందికి దిగే అవకాశమే ఎక్కువ. పైగా పాత దర్శకుడు ఉండటం, ఉండకపోవడం చీటీలు తీసి తేల్చింది కాదు. చెప్పడానికి ఇంకా ఏదో ఉందనిపిస్తే, నిర్మాతతో పొసిగితే, గడువు సరిపోతే దర్శకుడు ఉంటాడు. ఇవేవీ లేనప్పుడు తప్పుకుంటాడు. అంటే దర్శకుడి నిష్క్రమణ చాలాసార్లు సినిమా చెడిపోతోందనడానికి గుర్తు మాత్రమే అయి, ప్రేక్షకుడికి అదే కారణంగా కనిపిస్తుంది.

పాత దర్శకుడు ఉండి కూడా తడబడిన సందర్భాలను చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. అప్పుల ఒత్తిడిలో కొపోలా 1990లో ‘గాడ్‌ఫాదర్’ మూడో భాగం తీశాడు, అది మొదటి రెండింటి సరసన నిలబడలేదు. తనకు కావలసిన పేరును, కూర్పును 2020లో గానీ ఇచ్చుకోలేకపోయాడు. ‘స్పైడర్‌మ్యాన్’ మూడో భాగంలో దర్శకుడు సామ్ రైమీకి ఇష్టం లేని వెనమ్ అనే విలన్ పాత్రను నిర్మాత పట్టుబట్టి పెట్టించాడు. శంకర్ 1996 నాటి ‘భారతీయుడు’కు 28 ఏళ్ల తర్వాత, 2024లో తానే రెండో భాగం తీసినా, పాత సినిమా మీది అభిమానం కొత్తదాన్ని గట్టెక్కించలేదు.

బాండ్ సినిమాల వంటివాటి సంగతి వేరే. అక్కడ 1962 నుంచి దర్శకులు వస్తూ పోతూనే ఉన్నారు, 2025 దాకా నిలిచి ఉన్నది నిర్మాణ కుటుంబం. ‘టాయ్ స్టోరీ’లో మొదటి రెండు సినిమాలు జాన్ లాసెటర్ తీసినా, 2010లో మూడోదానికి పగ్గాలు పట్టిన లీ అన్‌క్రిచ్ మొదటిదానికి ఎడిటర్, రెండోదానికి సహదర్శకుడు. ఆయన్ను కొత్తవాడనడం మాటవరసకే.

తెలుగులో ‘డీజే టిల్లు’కు విమల్ కృష్ణ, 2024లో ‘టిల్లు స్క్వేర్’కు మల్లిక్ రామ్ దర్శకులు, రెండూ ఆడాయి, రెండింటి రచనలోనూ సిద్ధు జొన్నలగడ్డ చెయ్యి ఉంది. ‘మున్నాభాయ్’ రెండు సినిమాలనూ రాజ్‌కుమార్ హిరానీయే తీస్తే, వాటి తెలుగు రూపాలైన ‘శంకర్ దాదా’ల్లో మొదటిది జయంత్ సి. పరాన్జీ, రెండోది ప్రభుదేవా తీశారు. వీటన్నిటికంటే ‘దృశ్యం’ కథ ఎక్కువ ఆలోచింపజేస్తుంది. మలయాళంలో 2013, 2021లలో రెండు భాగాలూ జీతూ జోసెఫ్‌వే. హిందీలో మొదటిది తీసిన నిశికాంత్ కామత్ 2020లో మరణించడంతో 2022లో అభిషేక్ పాఠక్ రెండోది తీశాడు, అది పెద్ద విజయం సాధించింది. తెలుగులో 2014 నాటి మొదటి భాగానికి దర్శకురాలు శ్రీప్రియ, 2021 నాటి రెండో భాగాన్ని తీసింది జీతూ జోసెఫ్. తెలుగు సినిమా వరకు చూస్తే అక్కడ దర్శకుడు మారినట్టు, కథ వైపు నుంచి చూస్తే అసలు దర్శకుడు అప్పుడే వచ్చినట్టు.