యుద్ధకాలపు విమాన వాహక నౌకల మోడళ్లు: అపోహలు – వాస్తవాలు

అమెరికా విమాన వాహక నౌక ఎంటర్‌ప్రైజ్ కిట్ కొని, "ఎంటర్‌ప్రైజ్ డెక్‌కి (విమానాలు లేచి దిగే పైతలానికి) ఏ రంగు వేయాలి?" అని అడిగేవాళ్లకు నేను ఎదురు ప్రశ్న వేస్తాను: ఏ సంవత్సరం, ఏ నెల? ఇది చాదస్తంలా కనిపిస్తుందని తెలుసు. కానీ రెండో ప్రపంచ యుద్ధంలో విమాన వాహక నౌక ఏ ఏడాదీ ఒక్కలా ఉండలేదు. రంగు మారేది, విమాన విధ్వంసక తుపాకులు పెరిగేవి, కొత్త రాడార్లు వచ్చి చేరేవి. విమానాలైతే వారాల్లో మారిపోయేవి. కింద రాసిన అపోహల్లో సగం తేదీ చూసుకోకుండా పని మొదలుపెట్టడం వల్ల పుట్టినవే.

అపోహ: కిట్‌లోని సూచనల కాగితం ప్రకారం భాగాలు అతికించుకుంటూ పోతే నౌక వచ్చేసినట్టే.

అమెరికా నౌక యార్క్‌టౌన్‌నే తీసుకోండి. 1942 మే 8న కోరల్ సముద్రంలో బాంబు దెబ్బ తింది. మే 27న పెర్ల్ హార్బర్ చేరింది. హడావుడిగా మరమ్మతులు చేయించుకుని 30న మళ్లీ సముద్రంలోకి వెళ్లింది. జూన్ 4న మిడ్‌వే దీవి దగ్గర జపాన్‌తో యుద్ధంలో ఉంది. నౌక అదే, మధ్యలో నెల కూడా తిరగలేదు. డెక్ మీద మాత్రం చాలా మారిపోయింది.

కోరల్ సముద్రంలో దాని ఫైటర్లు వైల్డ్‌క్యాట్ ఎఫ్4ఎఫ్-3లు. వాటి రెక్కలు మడవరు. మిడ్‌వేకి వచ్చేసరికి రెక్కలు మడిచే ఎఫ్4ఎఫ్-4లు వచ్చాయి. మే మొదటి వారంలో ఆ విమానాల నక్షత్రం మధ్యలో ఎర్రచుక్క ఉంది, తోక చుక్కాని మీద ఎరుపు, తెలుపు చారలు ఉన్నాయి. జపాన్ విమానాల ఎర్రటి సూర్యబింబంతో పొరపాటు పడకూడదని ఆ నెలలోనే రెండూ తీసేయమన్నారు. కాబట్టి మిడ్‌వే యార్క్‌టౌన్ మీద ఎర్రచుక్క విమానం నిలబెడితే ఎంత నునుపుగా రంగు వేసినా అది తప్పే. డెకాల్ షీటులో (నీటిలో తడిపి అతికించే గుర్తుల కాగితంలో) చాలాసార్లు రెండు రకాలూ ఇస్తారు. ఏది ఎప్పటిదో కాగితం మీద రాయరు.

ఆ తర్వాత కూడా గుర్తులు ఆగలేదు. 1943 మధ్యలో నక్షత్రానికి రెండు పక్కలా తెల్లపట్టీలు, చుట్టూ ఎర్ర అంచు వచ్చాయి. కొద్ది వారాలకే ఆ ఎర్ర అంచు నీలమైంది. ఎర్ర అంచు ఉన్న హెల్‌క్యాట్ ఫైటర్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ఒప్పుకుంటాను. అందుకే దాన్ని 1944 నాటి నౌక మీద కూడా పెట్టేస్తుంటారు.

అపోహ: మ్యూజియంలో ఉన్న నౌకల ఫొటోలు చూసి చేస్తే తప్పు రాదు.

ఇది కొత్తవాళ్లను నిండా ముంచే సలహా. యుద్ధం చూసిన అమెరికన్ వాహక నౌకల్లో ఇప్పటికీ మ్యూజియాలుగా నిలిచినవి ఎసెక్స్ తరగతివి నాలుగు: యార్క్‌టౌన్, ఇంట్రెపిడ్, హార్నెట్, లెక్సింగ్టన్. యుద్ధం తర్వాత జెట్ విమానాల కోసం నాలుగింటినీ మార్చి కట్టారు. డెక్‌లో విమానాలు దిగే భాగాన్ని ఎడమ పక్కకు కోణంగా తిప్పారు, ముందు కొనను డెక్ వరకు మూసేశారు. 1944లో ఆ కొన తెరిచి ఉండేది, దాని మీద తుపాకులు ఉండేవి. మ్యూజియం ఫొటో చూసి 1944 నౌక చేస్తే పదేళ్ల తర్వాతి ముఖం తగిలించినట్టే.

పైగా పేర్ల తికమక ఒకటి. మిడ్‌వే దగ్గర మునిగిన యార్క్‌టౌన్ వేరు, మ్యూజియంగా ఉన్న యార్క్‌టౌన్ వేరు. 1942లో మునిగిన లెక్సింగ్టన్, హార్నెట్, వాస్ప్ పేర్లు కూడా కొత్త నౌకలకు పెట్టారు. కిట్ కొనేముందు పేరు పక్కనున్న సీవీ నంబరు (అమెరికా నౌకాదళం వాహక నౌకలకు ఇచ్చే నంబరు) చూడండి. సీవీ-5 అంటే పాత యార్క్‌టౌన్, సీవీ-10 అంటే కొత్తది. అసలు ఎంటర్‌ప్రైజ్‌ను మాత్రం 1958లో తుక్కు కింద అమ్మేశారు.

అపోహ: చెక్క డెక్ అంటే గోధుమ రంగే.

జపాన్ నౌకలకైతే చాలావరకు నిజం. పలకలు నౌక పొడవునా పరిచి, చెక్కను చెక్క రంగులోనే వదిలేవారు. యుద్ధం చివర్లో కొన్నిటికి డెక్ మీద కూడా పచ్చ ఛాయల్లో మభ్యపెట్టే రంగులు వేశారు. అమెరికన్ నౌకల్లో పలకలు అడ్డంగా ఉంటాయి. మధ్యమధ్యలో విమానాలను కట్టేసే ఇనుప పట్టీలు ఉంటాయి. 1941 నుంచి ఆ చెక్కకు నీలం పట్టించారు. కొత్తగా పట్టించినప్పుడు ముదురుగా ఉండి, చక్రాలు, పాదాలు, ఉప్పునీరు కలిసి కొన్నాళ్లకే దాన్ని వెలిసిన బూడిద నీలం చేసేవి. కింది చెక్క అక్కడక్కడా బయటపడేది. ఇంత మంచి అవకాశం ఉండగా డెక్ మొత్తం ఒకే నీలం కొట్టేసి వదిలేయడం నాకు నచ్చదు. నేను ముందు లేత చెక్క రంగు వేస్తాను. దాని మీద నీలాన్ని పల్చగా పొరలు పొరలుగా వేసి, విమానాలు దిగే చోట తడి బ్రష్‌తో కొంచెం లాగేస్తాను.

బ్రిటన్ ఇలస్ట్రియస్ తరగతి నౌకలకు చెక్క గొడవే లేదు. వాటి డెక్ మూడంగుళాల ఉక్కు కవచం.

అపోహ: సరైన పెయింట్ నంబరు దొరికితే రంగు సమస్య తీరినట్టే.

మోడలర్ల మధ్య కొట్లాటలన్నీ ఇక్కడే. నంబరు ఒక ఆరంభం, అంతే. 1/700 మోడల్‌ను (అసలు నౌకలో 700వ వంతు) అర మీటరు దూరం నుంచి చూస్తే అసలు నౌకను 350 మీటర్ల దూరం నుంచి చూసినట్టు. అంత దూరంలో గాలి, వెలుతురు రంగును లేతగా చేస్తాయి. డబ్బాలోని రంగును నేరుగా కొడితే చిన్న మోడల్ బొగ్గులా కనిపిస్తుంది. అందులో కొంచెం తెలుపో లేత బూడిదో కలపండి. ఎంత కలపాలన్నదానికి లెక్క లేదు, మీ కన్ను ఒప్పుకోవాలి.

రెండో చిక్కు ఫొటోలతో వస్తుంది. ఆ కాలపు నలుపు-తెలుపు ఫిల్ముల్లో కొన్ని ఎరుపును పట్టుకోలేవు. వాటిలో ఎరుపు దాదాపు నల్లగా, నీలం లేతగా పడుతుంది. "ఫొటోలో లేతగా ఉంది కాబట్టి బూడిద రంగే" అనేవాళ్లను ముందు ఏ ఫిల్మో అడగండి. ఇప్పుడు కంప్యూటర్ రంగులద్దిన ఫొటోలనైతే సాక్ష్యంగా అసలు తీసుకోకండి. అవి రంగు వేసినవాళ్ల అభిప్రాయాలు.

2018లో పాత లెక్సింగ్టన్ శిథిలం ఆస్ట్రేలియా తూర్పు తీరానికి దూరంగా, సుమారు 3,000 మీటర్ల లోతున దొరికింది. పక్కన పడి ఉన్న వైల్డ్‌క్యాట్ మీద ఫెలిక్స్ అనే కార్టూన్ పిల్లి బొమ్మ ఇంకా కనిపిస్తూనే ఉంది. గుర్తులు ఎక్కడ, ఎంత సైజులో వేశారో తెలుసుకోవడానికి అంతకంటే గొప్ప ఆధారం ఉండదు. రంగు ఛాయను మాత్రం డెబ్బై ఆరేళ్లు ఉప్పునీటిలో నానిన రేకు చూసి తేల్చకండి.

అపోహ: మిడ్‌వే యుద్ధం రోజు ఉదయం జపాన్ వాహక నౌక అకాగి డెక్ నిండా దాడికి సిద్ధమైన విమానాలు ఉన్నాయి.

ఈ దృశ్యాన్ని ఎన్ని డయోరమాల్లో (మోడళ్లతో పేర్చిన దృశ్యాల్లో) చూశానో! ముందు జీరో ఫైటర్లు, వెనక టార్పెడో విమానాలు, ఆకాశంలోంచి దూకుతున్న అమెరికన్ డైవ్ బాంబర్లు డాంట్‌లెస్‌లు. ఇంకో ఐదు నిమిషాలు దొరికితే అవన్నీ లేచిపోయేవని యుద్ధం తర్వాత జపాన్ నౌకాదళ వైమానికుడు మిత్సువో ఫుచిడా రాసిన కథనం దశాబ్దాల పాటు చెలామణీ అయింది. జపాన్ నౌకల రికార్డులు వేరేలా చెబుతున్నాయి. ఆ ఉదయమంతా ఒకదాని తర్వాత ఒకటిగా అమెరికన్ దాడులు వస్తూనే ఉన్నాయి. వాటిని ఎదుర్కోవడానికి జీరోలు లేస్తూ, దిగుతూ ఉన్నాయి. దాడి విమానాలను డెక్ మీదికి తెచ్చి వరసగా నిలబెట్టాలంటే దాదాపు ముప్పావు గంట తెరిపి కావాలి. అది వాళ్లకు దొరకలేదు. జూన్ 4 ఉదయం 10:20 దాటాక డైవ్ బాంబర్లు విరుచుకుపడేసరికి ఆ విమానాలు కింద హ్యాంగర్లలోనే ఉన్నాయి. నిండిన పెట్రోలు ట్యాంకులు, పక్కనే బాంబులు, టార్పెడోలు. అకాగికి సూటిగా తగిలినది ఒకే ఒక్క బాంబు, అయినా నౌక దక్కకపోవడానికి కారణం హ్యాంగర్లలోని ఆ పెట్రోలు, బాంబులే.

మోడల్ చేసేవాళ్లకు దీనివల్ల లాభమే. డెక్ మీద నాలుగైదు జీరోలు చాలు, దాదాపు ఖాళీ డెక్. చెక్కపని కనిపిస్తుంది, లిఫ్టు దించి పెట్టుకోవచ్చు, డెక్ సిబ్బందిని అటూ ఇటూ పరిగెత్తించవచ్చు. మిడ్‌వేలోనే ఉన్న మరో జపాన్ నౌక హిర్యూ చేసేవాళ్లు డెక్ ముందు భాగంలో పెద్ద ఎర్రటి సూర్యబింబం మరిచిపోకండి. ఆ ఉదయం బీ-17 బాంబర్ల నుంచి తీసిన ఫొటోలో అది స్పష్టంగా ఉంది.

డెక్ నిండుగానే ఉండాలని పట్టుదల ఉంటే 1942 ఏప్రిల్ 18 నాటి హార్నెట్ చేయండి. జపాన్ మీద బాంబులు వేయడానికి బయల్దేరిన డూలిటిల్ దళం బీ-25 బాంబర్లు పదహారు. రెక్కలు మడవవు, లిఫ్టులో పట్టవు కాబట్టి అన్నీ పైనే. చివరి విమానం తోక నౌక వెనక అంచు దాటి గాల్లో ఉంటుంది. 1/700లో ఒక్కో బీ-25 రెక్కలు 29 మి.మీ., నౌక మొత్తం 36 సెం.మీ. ముందున్న డూలిటిల్ విమానానికి పరుగెత్తడానికి దొరికింది 142 మీటర్లు, అంటే మీ డెక్ మీద 20 సెం.మీ. ముక్కు చక్రానికి ఒకటి, ఎడమ చక్రానికి ఒకటి, రెండు తెల్లగీతలు కూడా గీయాలి.

అపోహ: వాహక నౌక విమానాలన్నీ రెక్కలు మడుస్తాయి.

డాంట్‌లెస్ మడవదు. జీరో ఏ6ఎం2 చివర్లు మాత్రమే అర మీటరు చొప్పున మడుస్తారు, 1/700లో అది 0.7 మి.మీ., వదిలేయొచ్చు. కోర్సెయిర్ రెక్కలు పైకి లేస్తాయి. అసలు తప్పులు దొర్లేది గ్రుమ్మన్ కంపెనీ విమానాల్లో. వైల్డ్‌క్యాట్ ఎఫ్4ఎఫ్-4, హెల్‌క్యాట్, అవెంజర్ రెక్కలు ముందు మెలి తిరిగి, తర్వాత వెనక్కి వెళ్లి ఒంటి పక్కన ఆనుకుంటాయి. అప్పుడు రెక్క ముందంచు కిందికి చూస్తుంది, రెక్క పైభాగం బయటికి కనిపిస్తుంది. అంటే పక్కనుంచి చూసేవాళ్లకు పైభాగపు నీలం రంగు, దాని మీది నక్షత్రం కనిపించాలి. రెక్కను మొదట్లో కోసి, మెలి తిప్పకుండా వెనక్కి అతికించేవాళ్లే ఎక్కువ. కోసేముందు ఒక కాగితం ముక్కతో తిప్పి చూసుకోండి, వెంటనే అర్థమవుతుంది.

అపోహ: నౌక అంటే తుప్పు కారాలి.

లంగరు గొలుసు బయటికొచ్చే చోట, నీరు బయటికి పోయే రంధ్రాల కింద కొంచెం వేయండి, ఆపండి. వేలమంది సిబ్బంది ఉన్న నౌకలో గీకడం, రంగు వేయడం రోజూ నడిచే పని. విమానాల రంగు ఊడటం కూడా ఇంతే. పెచ్చులూడిన జీరోలు ఎక్కువగా తర్వాతి కాలంలో ద్వీపాల్లోని నేల స్థావరాలవి. 1941–42లో వాహక నౌకల మీద ఉన్నవి నిగనిగలాడేవి.

అపోహ: ఇత్తడి ఫొటో-ఎచ్ భాగాలు (పల్చటి రేకును రసాయనంతో చెక్కి చేసినవి) ఎంత ఎక్కువ వాడితే మోడల్ అంత గొప్పది.

రెయిలింగులు, రాడార్లు, డెక్ అంచు వలలకు ఫొటో-ఎచ్ తిరుగులేనిది. తుపాకీ గొట్టాలకు కాదు. గొట్టం గుండ్రం, రేకు చదును. పక్కనుంచి చూస్తే తేలిపోతుంది. ఇప్పుడు వస్తున్న 3డీ ప్రింట్ తుపాకులు ఆ లోటు తీర్చాయి, నా ఓటు వాటికే. విమానం రేకుల అతుకు గీతల విషయంలోనూ ఇదే మాట. విమానం మీద 0.1 మి.మీ. గాడి 1/700లో ఏడు సెంటీమీటర్ల కాలువ. దాన్ని నల్లటి వాష్‌తో (బాగా పల్చన చేసిన రంగుతో) నింపితే రేకుల మధ్య వేలు దూరేంత సందు చూపించినట్టే.

రెయిలింగ్ వంకర్లు పోతోందంటే, ఇత్తడిని మంట మీద రంగు మారేదాకా కాసేపు వేడి చేసి చల్లారనివ్వండి. మెత్తబడుతుంది, చెప్పినట్టు వంగుతుంది. రెయిలింగ్ ఇంకా రేకు ఫ్రేములో ఉండగానే రంగు వేయాలి. ఆ తర్వాతే కోసి, సూపర్ గ్లూను సూది మొనతో చుక్కలుగా పెట్టి నిలబెట్టాలి.

అపోహ: అన్ని విమానాలు చేయడానికి ఓపిక పుట్టుకతో రావాలి.

పద్ధతి ఉంటే చాలు. ఒక్కో విమానం మొదలుపెట్టి పూర్తి చేయడం అనే ఆలోచన మానుకోండి. ఐస్‌క్రీం పుల్లకు రెండువైపులా అంటుకునే టేపు అతికించి, దాని మీద వరసగా పదేసి విమానాలు నిలబెట్టండి. అన్నిటికీ ప్రైమర్, అన్నిటికీ కింది రంగు, అన్నిటికీ పై రంగు. కిట్‌లో విమానాలు పారదర్శక ప్లాస్టిక్‌తో వస్తే, పైలట్ కూర్చునే చోటి గాజు కనిపించాలని అక్కడ రంగు వదిలేసి తంటాలు పడేవాళ్లుంటారు. ఈ సైజులో ముదురు నీలి బూడిద రంగు ఒక చుక్క, దాని మీద సన్నటి ఫ్రేము గీత బాగా నప్పుతాయి.

అపోహ: సముద్రం చివర్లో ఆలోచించుకోవచ్చు.

మొదట్లోనే ఆలోచించాలి, ఎందుకంటే డెక్ మీద ఏం పెట్టాలో నీరే చెబుతుంది. విమానాలు లేస్తున్నాయంటే నౌక గాలికి ఎదురుగా వేగంగా పోతోందని అర్థం. జెండాలు, పొగ వెనక్కే పోవాలి. జపాన్ నౌకల్లో డెక్ ముందు భాగంలో ఆవిరి పాయ వదిలేవారు, అది డెక్ మీది గీతల వెంట సూటిగా వెనక్కి వస్తే గాలి సరిగ్గా ఉందని పైలట్లకు తెలిసేది. కొంచెం దూదితో అది చూపించవచ్చు. డెక్ పక్కనున్న పొడవాటి రేడియో స్తంభాలను విమానాలు తిరిగేటప్పుడు బయటికి పడుకోబెట్టేవారు. కిట్ బొమ్మల్లో అవి ఎక్కువగా నిటారుగానే ఉంటాయి. నిటారుగా పెడితే ఆ సమయంలో విమానాలు లేవడం, దిగడం లేదన్నట్టు. నురగ వేస్తే, ముందు కొన నుంచి రెండు పక్కలా అలలు ఇరవై డిగ్రీలకు కొంచెం తక్కువ కోణంలో విచ్చుకోవాలి. వేగం పెరిగితే అలలు ఎత్తవుతాయి, నురగ పెరుగుతుంది. నేను వాటర్‌కలర్ కాగితం మీద ముదురు నీలం వేసి, పైన అక్రిలిక్ జెల్‌ను బ్రష్‌తో పొడిచి అలలు లేపుతాను. అది ఎండాక నురగ ఉండాల్సిన చోట మాత్రం తెలుపును పొడి బ్రష్‌తో తాకిస్తాను.