తుపాకుల కొట్టులో వినిపించే అపోహలు, అసలు సంగతులు

విజయనగరంలో మాది తుపాకుల కొట్టు. నాన్న పెట్టారు, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. అద్దాల వెనక మెరిసే పిస్తోళ్లేవీ ఊహించుకోకండి. గోడకి గొలుసుతో కట్టిన నాలుగు 12 బోర్ (బోర్ అంటే గొట్టం వెడల్పు కొలత) గన్నులు, ఒక ఇనుప బీరువా, ఆ రెండింటికన్నా ఎక్కువ చోటు తినే రిజిస్టర్లు, అంతే. ఆమధ్య పలాస నుంచి ఒక జీడిపప్పు వ్యాపారి వచ్చాడు. "డబ్బుకేటీ ఇబ్బంది నేదు బాబూ, ఒక ఫారిన్ రివాల్వర్ సూపించు" అన్నాడు. కూర్చోబెట్టి టీ తెప్పించి ఆయనకి చెప్పిన మాటలకి ఇంకొన్ని కలిపి రాస్తున్నాను.

అపోహ: డబ్బుంటే ఫారిన్ తుపాకి దొరుకుతుంది.

దొరకదు. పేరున్న షూటింగ్ క్రీడాకారులకు ఇచ్చే మినహాయింపు తప్ప, మామూలు మనుషులు విదేశాల నుంచి తుపాకి తెప్పించుకోవడం 1980ల మధ్యలోనే ఆగిపోయింది. అంతకుముందు దేశంలోకి వచ్చిన పాత ఇంగ్లీషు, అమెరికా రివాల్వర్లే ఒక లైసెన్సుదారు నుంచి ఇంకొకరికి చేతులు మారుతున్నాయి. నలభై ఏళ్లు దాటిన సరుకు, అయినా కాన్పూర్‌లో తయారైన కొత్త రివాల్వర్ కన్నా ఎన్నో రెట్లు ధర పలుకుతుంది. దాని నాణ్యత చూసి ఇచ్చే ధర కాదది, ఇంకొకటి రాదు కాబట్టి ఇచ్చే ధర. ఫారిన్ సరుకు మీద మోజు మనకి కొత్తేం కాదులెండి, 1757లో బొబ్బిలి కోట మీదకి విజయనగరం వారు తీసుకెళ్లింది ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులనే.

అపోహ: ఏ సైజు తుపాకి తయారు చేయాలో కంపెనీల ఇష్టం.

మన దేశంలో గొట్టం వెడల్పు వెనక కూడా భద్రత భయమే ఉంది. బ్రిటిష్ సైన్యం వాడింది .303 రైఫిల్ (ఈ అంకె అంగుళాల్లో గొట్టం కొలత). దొంగిలించిన సైన్యం తూటా బయటివాళ్ల తుపాకిలో పట్టకూడదని ఆ కొలతను సామాన్యులకు దూరంగా పెట్టారు. .315 రైఫిల్ అలా వచ్చిందే. దొరలు పోయినా పద్ధతి పోలేదు. 9 ఎంఎం పిస్టల్ ఈరోజుకీ నిషిద్ధ బోర్, అంటే సామాన్యులకు ఇవ్వని కొలత, అందుకే మామూలు లైసెన్సు మీద నేను చూపించగలిగే చేతి తుపాకి ఎక్కువగా .32. ప్రపంచమంతా 9 ఎంఎం చుట్టూ తిరుగుతుంటే మన ఫ్యాక్టరీలు .32 చేస్తూ కూర్చోవడానికి కారణం కొనేవాళ్ల అభిరుచి కాదు.

అపోహ: చట్టం బిగిస్తే అమ్మకాలు పడిపోతాయి.

అమెరికాలో తరచూ దీనికి తలకిందులుగా జరుగుతుంది. 2012 డిసెంబర్‌లో శాండీ హుక్ బడిలో కాల్పులు జరిగాక కొత్త నిషేధం వస్తుందన్న మాట మొదలైంది, అంతే, జనం కొట్ల ముందు బారులు తీరారు. రేపు దొరకదేమోనన్న టెన్షన్! తర్వాత 2016లో ట్రంప్ గెలిచాడు, చట్టాల భయం తగ్గింది, గిరాకీ కూడా తగ్గింది. 1816లో పుట్టిన రెమింగ్టన్ తుపాకుల కంపెనీ 2018లో దివాలా పిటిషన్ వేసింది. దానికి అప్పులు మొదలైన కారణాలు వేరే ఉన్నాయి కానీ గిరాకీ పడిపోవడం కూడా గట్టి దెబ్బే. 2020లో కోవిడ్, గొడవలు కలిసొచ్చి అక్కడ తుపాకి కొనుగోళ్లకు ముడిపడిన నేపథ్య తనిఖీలు (కొనేవాళ్ల పాత చరిత్ర చూడటం) దాదాపు 3.97 కోట్లకు చేరాయి. తనిఖీలన్నీ అమ్మకాలు కావు, కానీ గాలి ఎటు వీస్తుందో తెలుస్తుంది.

అలాగని చట్టాలు పనిచేయవని కాదు. 1996లో పోర్ట్ ఆర్థర్‌లో కాల్పుల్లో 35 మంది చనిపోయాక ఆస్ట్రేలియా మాటలతో సరిపెట్టకుండా దాదాపు ఆరున్నర లక్షల తుపాకులను డబ్బిచ్చి వెనక్కి తీసుకుంది. చర్చ సాగినన్నాళ్లే వ్యాపారికి పండగ. చట్టం నిజంగా వచ్చాక సంగతి వేరు.

అపోహ: ఐక్యరాజ్య సమితి ఒప్పందం వచ్చింది కదా, ఇక అక్రమ ఆయుధాలు ఆగుతాయి.

ఆయుధ వాణిజ్య ఒప్పందం 2014 డిసెంబర్ 24న అమల్లోకి వచ్చింది. అది దేశాల మధ్య జరిగే అమ్మకాల గురించే, మన ఇంట్లో తుపాకి జోలికి రాదు. అంతకుముందు ఏడాది ఓటింగ్‌లో భారత్ తటస్థంగా ఉంది. ఎగుమతి చేసే దేశాల చేతికే పగ్గాలు ఇచ్చారని, ఉగ్రవాదుల చేతికి వెళ్లే ఆయుధాల మీద గట్టిగా లేదని మన అభ్యంతరం.

అపోహ: అటక మీద తాతగారి తుపాకి మనదే.

ఇది చాలా ప్రమాదకరమైనది, పైగా మా జిల్లాలో ఇలాంటి అటకలు ఎక్కువ. జమీందారీల కాలం నాటి తుపాకి, లైసెన్సుదారు పోయి పదేళ్లయినా, గుడ్డ చుట్టి అలాగే ఉంటుంది. దసరాకి బొట్టు కూడా పెడతారు. చట్టం దృష్టిలో అది లైసెన్సు లేని ఆయుధం. పోలీస్ స్టేషన్‌లో గానీ మాలాంటి డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేసి, వారసుల కోటాలో దరఖాస్తు పెట్టుకోవాలి. ఆలస్యమైతే సంజాయిషీ చెప్పుకోవాల్సింది మీరే. ఇంకోటి, ఆయుధాల చట్టానికి 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండే తుపాకులు, లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది. పెళ్లి ఊరేగింపులో సరదాగా పేల్చినా రెండేళ్ల వరకు జైలు గానీ లక్ష వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు.

అపోహ: నాటు తుపాకి చిన్న విషయం.

స్మాల్ ఆర్మ్స్ సర్వే అనే పరిశోధన సంస్థ 2017 అంచనా ప్రకారం ప్రపంచంలో మామూలు జనం చేతుల్లో 85.7 కోట్ల తుపాకులున్నాయి. మన దేశం వాటా 7.1 కోట్లు, అందులో రిజిస్టరైనవి కోటికి లోపే. మిగతావన్నీ మా రిజిస్టర్లకు అందనివి. సీతంపేట, కురుపాం కొండల్లో పందుల కోసం పెట్టుకునే నాటు తుపాకి కూడా అలాంటిదే. పేలితే పంది కన్నా ముందు పట్టుకున్నవాడి చెయ్యి పోతుంది. పంట కాపలాకి మందు దట్టించే తుపాకికి లైసెన్సు అడిగే వీలు 1959 ఆయుధాల చట్టంలోనే, 13వ సెక్షన్‌లో ఉందని చెబితే రైతులు నమ్మరు. నిజంగా పంట నష్టపోతున్నవాళ్లు కలెక్టరేట్‌లో అడగొచ్చు.

జీడిపప్పు ఆయన అంతా విని, "అయితే ముందు కాయితం అన్నమాట" అన్నాడు. అవును, పోలీసు విచారణ, వాడకం మీద శిక్షణ సర్టిఫికెట్, ఆ తర్వాతే నా దగ్గరకి. ఎన్నికలొస్తే మళ్లీ డిపాజిట్ చేయమంటారని కూడా చెప్పాను. 2024లో నా బీరువా నిండిపోయి, చీటీలు కట్టిన గన్నులు నాన్న పాత టేకు అల్మారాలో పెట్టి రెండో తాళం వేశాను. ఆయన టీ తాగి, ఇంటికి సీసీ కెమెరాలు ఎంతవుతాయో అడిగి వెళ్లాడు.