షుగర్ మిషన్‌కు అయిదు సెకన్లు, విబ్రియోకు రెండ్రోజులా?

నెల్లూరు జిల్లా విడవలూరు వైపు రొయ్యల గుంటలు చేసే ఒకాయన నన్ను ఈ ప్రశ్న అడిగాడు. "అన్నా, మా అమ్మకి షుగర్ ఎంతుందో వేలు గుచ్చిన అయిదు సెకన్లకే మిషన్ చెప్పేస్తా ఉంది. గుంట నీళ్లలో విబ్రియో ఎంతుందో చెప్పేదానికి ల్యాబోళ్లు రేపు రా, ఎల్లుండి రా అంటారేంది? ఈలోపల చెక్ ట్రేలో మేత మిగిలిపోతా ఉంటే నేను ఏమనుకోవాల?"

విబ్రియో అంటే రొయ్యలకు జబ్బు తెచ్చే బ్యాక్టీరియా; చెక్ ట్రే అంటే రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసేందుకు గుంటలో దించే పళ్లెం. ఈ ప్రశ్న అడగడానికి రసాయన శాస్త్రం చదవక్కర్లేదు. జవాబు చెప్పాలంటే మాత్రం అందులోకి బాగా లోతుగా దిగాలి.

ముందు లెక్క చూద్దాం. షుగర్ 100 ఉన్న మనిషి రక్తంలో ఒక్క మైక్రోలీటరు తీసుకుంటే, అంటే గుండుసూది తలంత చుక్కలో, దాదాపు 3,300 లక్షల కోట్ల గ్లూకోజ్ అణువులు ఉంటాయి. గుంట నీళ్లలో మిల్లీలీటరుకు వెయ్యి విబ్రియోలు ఉన్నాయనుకుందాం. అంతే చుక్క తీస్తే అందులో సగటున ఒక్కటి ఉంటుంది. చాలాసార్లు అదీ ఉండదు. షుగర్ మిషన్ ఊరంతా వినపడే మైకు సెట్టును వింటోంది. మనం దాన్ని ఒక్క మనిషి గుసగుస వినమంటున్నాం.

ఆ రెండ్రోజులు ల్యాబు చేసే పని కూడా ఇదే, ఆ ఒక్కదాన్నీ లక్షలు చేయడం. టీసీబీఎస్ ప్లేటు మీద, అంటే విబ్రియోను పెంచే ఆహారం పోసిన పళ్లెం మీద, నీళ్లు పూసి వెచ్చగా ఉంచితే ఒక్కో కణం రెండై, నాలుగై పెరుగుతుంది. ఇరవైసార్లు రెట్టింపైతే 10 లక్షలు దాటి, కంటికి కనిపించే చుక్కగా, అంటే కాలనీగా, మారుతుంది. చక్కెరను పులియబెట్టే జాతులు పసుపు కాలనీలు, పులియబెట్టనివి ఆకుపచ్చ కాలనీలు అవుతాయి. రొయ్యలను చంపే పారాహీమోలిటికస్ లాంటివి ఆకుపచ్చ వైపే కాబట్టి, గ్రీన్ కాలనీలు ఎక్కువయ్యాయంటే రైతుకు టెన్షన్ మొదలవుతుంది. ఆ కథ రైతులకు నాకంటే బాగా తెలుసు కాబట్టి ముందుకు పోదాం.

కరెంటుతో బ్యాక్టీరియాను పట్టాలన్న ఆలోచన ఈ కాలానిది కాదు. సూక్ష్మజీవులు పెరిగే ద్రవంలో విద్యుత్ వాహకత మారుతుందని జి.ఎన్.స్టీవర్ట్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త 1899లోనే కొలిచి చూపించాడు. బ్యాక్టీరియా ఆవేశం లేని చక్కెరల్నీ ప్రోటీన్లనీ తిని, ఆవేశం ఉన్న ఆమ్లాలుగా వదులుతుంది. దాంతో ద్రవంలో కరెంటు సులువుగా పారుతుంది. ఎంత తెలివైన గమనింపో చూడండి! అయితే ఆ మార్పు పైకి తేలాలంటే మిల్లీలీటరుకు పది లక్షలకు పైగా కణాలు చేరాలి, కాబట్టి అక్కడా ఎదురుచూపు తప్పదు. 1962లో లేలండ్ క్లార్క్ ఎలక్ట్రోడ్ మీద ఎంజైమును నిలిపి గ్లూకోజ్ కొలిచే దారి వేశాడు. 1984లో ఫెరోసీన్ అనే ఇనుప సమ్మేళనంతో ఎలక్ట్రాన్లను మోయించే పద్ధతి వచ్చింది. ఇళ్లలో ఇప్పుడున్న షుగర్ మిషన్లు ఆ దారిలో వచ్చినవే.

గడువు దాటిన స్ట్రిప్ ఒకటి దొరికితే పైపొర లాగి భూతద్దంతో చూడండి. చివర్న సన్నటి సందు ఉంటుంది, రక్తాన్ని తనంతట తానే లోపలికి పీల్చుకునేది అదే. దాని అడుగున సన్నటి గీతలు పక్కపక్కనే పోతాయి. చాలా స్ట్రిప్పుల్లో అవి కార్బన్ సిరాతో అచ్చు వేసిన నల్ల గీతలు. ఆ గీతలే ఎలక్ట్రోడ్లు. ఇంటర్ పిల్లల చేత మనం నెర్న్‌స్ట్ సమీకరణం బట్టీ పట్టిస్తాం, సెల్ పొటెన్షియల్ లెక్కలు వందల కొద్దీ చేయిస్తాం. ఈ స్ట్రిప్‌ను చింపి చూపించిన క్లాసు ఒక్కటైనా ఉందా? నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఇంట్లో అమ్మమ్మ రోజూ వాడి పారేసేది అదే పాఠం.

బ్యాక్టీరియా సెన్సర్లలో నాకు బాగా ఇష్టమైన పద్ధతి ఇంపీడెన్స్, అంటే అటూ ఇటూ ఊగే కరెంటుకు ఎదురయ్యే అడ్డును కొలవడం. అది అర్థం కావాలంటే గుంట గట్టు మీదికే పోవాలి. నీళ్లు తోడేటప్పుడు పైపు మూతికి సన్నకన్ను వల కడతారు కదా. వలకు నాచు పట్టేకొద్దీ ధార సన్నబడుతుంది. వల విప్పి చూడక్కర్లేదు, ధారను చూస్తే నాచు ఎంత పట్టిందో తెలిసిపోతుంది. సెన్సర్‌లో వల స్థానంలో ఉండేది బంగారు ఎలక్ట్రోడ్. దాని మీద విబ్రియోను మాత్రమే పట్టుకునే యాంటీబాడీలు అతికించి ఉంటాయి. నీటి స్థానంలో ఫెర్రోసయనైడ్, ఫెర్రిసయనైడ్ అయాన్లు. ఒకటి ఎలక్ట్రోడ్‌కు ఎలక్ట్రాన్ ఇస్తుంది, రెండోది తీసుకుంటుంది. విబ్రియో వచ్చి యాంటీబాడీలకు అతుక్కుంటే అది నాచు. దాని పొర కరెంటును సులువుగా పోనివ్వదు కాబట్టి ఆ మేరకు అయాన్లకు దారి మూసుకుపోతుంది, ధార సన్నబడుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ధార తగ్గిందంటే నాచు పట్టిందనే చెప్పలేం, కాలవలో నీళ్లు తగ్గినా తగ్గుతుంది. ఎలక్ట్రోడ్ దగ్గర కూడా అంతే. ఒకే దిశలో కరెంటు పారిస్తే దగ్గరి అయాన్లు ఖర్చైపోయి, దూరం నుంచి కొత్తవి రావడం ఆలస్యమవుతుంది. అందుకే 5 నుంచి 10 మిల్లీవోల్టుల చిన్న వోల్టేజీని ముందుకూ వెనక్కూ ఊపుతారు. సెకనుకు లక్షసార్లతో మొదలుపెట్టి, పది సెకన్లకు ఒకసారి దాకా నెమ్మదిస్తారు. బాగా వేగంగా ఊపితే ద్రవం నిరోధం ఒక్కటే తెలుస్తుంది. బాగా నెమ్మదిగా ఊపితే దూరం నుంచి అయాన్లు వచ్చే ఆలస్యం తెలుస్తుంది. మధ్య వేగాల్లో బయటపడేది వల నిరోధం, మనక్కావలసింది అదే. గ్రాఫులో అది అర్ధవృత్తంగా వస్తుంది, బ్యాక్టీరియా అతుక్కునేకొద్దీ దాని వ్యాసం పెరుగుతుంది. కాలవ తప్పునూ వల తప్పునూ ఒకే కొలతలో విడదీసే ఈ ఉపాయాన్ని ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు తనివి తీరదు.

వల ఎంత పెద్దదన్నదీ ముఖ్యమే. 3 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఎలక్ట్రోడ్ వైశాల్యం 70 లక్షల చదరపు మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఒక బ్యాక్టీరియా ఆక్రమించేది ఒకటి రెండు చదరపు మైక్రాన్లు. వంద అతుక్కున్నా మూసుకుపోయేది నూటికి 0.003 వంతు. అంత పెద్ద వలకు ఆ పిసరు నాచు పడితే ధారలో తేడా ఏం కనిపిస్తుంది? అదే 10 మైక్రాన్ల వ్యాసమున్న ఎలక్ట్రోడ్ అయితే మొత్తం వైశాల్యమే 80 చదరపు మైక్రాన్ల లోపు, ఒక్కటి అతుక్కున్నా తెలుస్తుంది. అందుకే పరిశోధకులు దువ్వెన పళ్లలా ఒకదాంట్లో ఒకటి దూరిన సన్నటి ఎలక్ట్రోడ్ల వెంట పడ్డారు. పైగా కాలవలో నాచు ఒక్కటే రాదు, ఆకులూ బురదా కూడా వస్తాయి. గుంట నీళ్లలోని ఆల్గే, మట్టి, మేత ప్రోటీన్లు ఖాళీ దొరికిన చోటల్లా అతుక్కుంటాయి. ఆ ఖాళీలను ముందే పశువుల రక్తం నుంచి తీసిన అల్బుమిన్‌తో నింపేస్తారు. పక్కనే విబ్రియో యాంటీబాడీ లేని ఇంకో ఎలక్ట్రోడ్ పెట్టి, రెంటి మధ్య తేడాను లెక్కలోకి తీసుకుంటారు.

సరే, వల సిద్ధం. నాచు వల దాకా రావాలి కదా! పరిశోధన పేపర్లు రాసేవాళ్లు చాలామంది ఈ సంగతిని తేలిగ్గా దాటేస్తారు. గ్లూకోజ్ అణువు కదలని నీటిలో 0.1 మిల్లీమీటరు దూరం విస్తరించడానికి ఏడెనిమిది సెకన్లు చాలు. ఒక మైక్రాన్ సైజు కణం ఈదకుండా, ఊరికే నీటి అణువుల తోపుడుకు ఒక మిల్లీమీటరు జరగాలంటే దాదాపు రెండు వారాలు పడుతుంది. విబ్రియోకు తోక ఉంది, ఈదుతుంది, నిజమే. కానీ అది మన ఎలక్ట్రోడ్ వైపే ఈదాలని ఏముంది? అందుకే యాంటీబాడీలు తొడిగిన అయస్కాంత పూసలను నమూనాలో కలుపుతారు. అవి బ్యాక్టీరియాను కౌగిలించుకున్నాక సీసా పక్కన అయస్కాంతం పెడితే అన్నీ గోడకు చేరతాయి, మిగతా నీళ్లు పారబోయొచ్చు. 100 మిల్లీలీటర్లలో ఉన్నవి నాలుగు చుక్కల్లోకి వచ్చేస్తాయి. నా ఉద్దేశంలో ఈ రంగంలో అసలు పని ఇదే. మిషన్ చదవడంలో పెద్ద కష్టం లేదు, చదవాల్సినదాన్ని దాని ముందుకు తెచ్చి పెట్టడంలోనే ఉంది.

మన తీరంలో ఇంకో సంగతి కూడా ఉంది. మన గుంటల్లో ఉన్నది ఉప్పునీరు. ఏ ఉపరితలం మీది ఆవేశాన్నయినా ద్రవంలోని అయాన్లు చుట్టుముట్టి కప్పేస్తాయి, ఆ కప్పును దాటి దాని ప్రభావం తెలియదు. ఈ దూరాన్ని డిబై పొడవు అంటారు. సముద్రపు నీటిలో అది 0.4 నానోమీటర్ల లోపు. విబ్రియో కణం పొడవేమో వెయ్యి నానోమీటర్ల పైమాట. కణం మీది ఆవేశాన్ని నేరుగా పసిగట్టాలని చూసే సెన్సర్లు మంచినీటిలో చూపించిన పనితనాన్ని మైపాడు క్రీకు నీటిలో చూపించలేవు. పూసలతో లాగి, కడిగి, తక్కువ ఉప్పున్న ద్రవంలోకి మార్చాకే కొలవాలి.

ఇవన్నీ కుదిరినా, దొరికింది చంపే విబ్రియోనా, ఊరికే ఉండే విబ్రియోనా? 2009లో చైనాలో మొదలై వియత్నాం, థాయిలాండ్ గుంటలను ముంచేసిన ఈఎంఎస్ (చిన్న వయసులోనే రొయ్యలు చచ్చిపోయే ఎర్లీ మార్టాలిటీ సిండ్రోమ్) జబ్బుకు కారణం విబ్రియో పారాహీమోలిటికస్ అని 2013లో డొనాల్డ్ లైట్నర్ బృందం తేల్చింది. అయితే ఆ జాతి అంతా దోషి కాదు. పిర్‌ఏ, పిర్‌బీ అనే రెండు విషాల జన్యువులున్న ప్లాస్మిడ్‌ను, దాదాపు 70 వేల బేస్ జతల చిన్న డీఎన్‌ఏ చుట్టను, మోస్తున్నవే రొయ్య హెపటోపాంక్రియాస్‌ను, అంటే మేతను అరిగించే అవయవాన్ని, నాశనం చేస్తాయి. ప్లేటు మీద రెండు రకాలూ ఒకే ఆకుపచ్చ.

గట్టు మీద బూడిద గుమ్మడికాయ కట్టి దిష్టి తగిలిందనే రైతును నేను ఎగతాళి చేయను. ముప్ఫై రోజుల రొయ్య పిల్ల పొద్దున బాగుండి సాయంత్రానికి అడుగున చచ్చి పడితే, కారణం చూపించే కొలత చేతిలో లేనివాడికి ఆ మాటే మిగులుతుంది. దాని వెనకాలే ఊహ మీద మందులు పోయడమూ వస్తుంది. నిషేధించిన యాంటీబయాటిక్ ఆనవాలు రొయ్యలో దొరికితే ఎగుమతి సరుకు వెనక్కి వస్తుంది. దిష్టి కంటే ఆ ఊహ వైద్యమే నన్ను ఎక్కువ భయపెడుతుంది.

విషం జన్యువునే పట్టాలంటే యాంటీబాడీ చాలదు, డీఎన్‌ఏ దాకా పోవాలి. 2000లో జపాన్ శాస్త్రవేత్తలు ప్రకటించిన ల్యాంప్ (LAMP) అనే డీఎన్‌ఏ నకళ్లు తీసే పద్ధతి పీసీఆర్‌లా వేడి పెంచుతూ తగ్గిస్తూ పోదు, 60-65 డిగ్రీల దగ్గరే అరగంట నుంచి గంటలో ఆ జన్యువును కోట్ల నకళ్లు చేస్తుంది. ఎలక్ట్రోడ్‌తో ఎలక్ట్రాన్లు ఇచ్చిపుచ్చుకునే మిథిలీన్ బ్లూ అనే రంగును అందులో కలిపితే అది కొత్త డీఎన్‌ఏలోకి దూరుతుంది. అంత పెద్ద డీఎన్‌ఏను మోస్తూ ఎలక్ట్రోడ్‌కు మెల్లగా చేరుతుంది కాబట్టి కరెంటు పడిపోతుంది. చదవడానికి షుగర్ స్ట్రిప్ లాంటి కార్బన్ గీతలే చాలు. గుంట దగ్గర గంటన్నరలో జవాబు రావాలంటే నేను పందెం కాసేది దీని మీదే.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. డీఎన్‌ఏ పరీక్ష చచ్చిన కణాన్నీ లెక్కపెడుతుంది, యాంటీబాడీ కూడా అంతే. బ్లీచింగ్ చల్లిన మర్నాడు ఇలాంటి సెన్సర్ పాజిటివ్ అంటే, అది బతికున్న విబ్రియోనా, చచ్చినవాటి మిగులా అన్నది అది చెప్పలేదు. బ్లీచింగ్ పనిచేసిందో లేదో తెలియాలంటే ఆ నీళ్లు ప్లేటు మీద పూసి, పెరిగేది ఏదైనా ఉందేమో చూడాల్సిందే. ఆ రోజుకు మాత్రం విడవలూరు ఆయన కూడా ల్యాబువాళ్లు రమ్మన్నప్పుడే పోవాలి.