నెలకి 20 సెంట్లు: అమెరికా రేవుల్లో కళాసీల ఆసుపత్రుల కథ

2010లో ఒబామా ఆరోగ్య బీమా చట్టం మీద అమెరికాలో గొడవ నడుస్తున్నప్పుడు కొందరు ఒక పాత చట్టాన్ని బయటికి తీశారు. జనం చేత బలవంతంగా బీమా కొనిపించడం మన పద్ధతి కాదని ఒక వర్గం అంటుంటే, మరి 1798లో మన పెద్దలు చేసిందేమిటని ఇంకో వర్గం అడిగింది. ఓడల్లో పనిచేసే కళాసీల జీతంలోంచి నెలనెలా కొంత కోసి, జబ్బుపడితే వైద్యం చేయించే ఆ చట్టం నిజంగానే ఉంది. 1798 జులై 16న అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ దానిమీద సంతకం పెట్టాడు. కాకపోతే ఇద్దరూ దాన్ని తమకి కావలసినంత మేరకే చదివారని నాకనిపిస్తుంది.

ఓడమీద బతికేవాడికి ఊరంటూ ఉండదు. పచ్చజ్వరం తగిలో, తెరచాప కొయ్య మీంచి పడి కాలు విరిగో ఏ రేవులో దిగినా అక్కడ వాడు పరాయివాడే. పేదల్ని చూసుకునే భారం అప్పట్లో ఏ ఊరిది ఆ ఊరిదే కాబట్టి, ఎక్కడివాడికో మేమెందుకు పెట్టాలని ఊళ్లు చేతులు దులుపుకునేవి. ప్రభుత్వానికేమో రాబడిలో పెద్ద వాటా కస్టమ్స్ సుంకానిదే, సుంకం రావాలంటే ఓడలు తిరగాలి, ఓడలు తిరగాలంటే వాటిమీద పనిచేయగలిగే మనుషులుండాలి. జాలి లేదని కాదు గానీ అసలు లెక్క ఇది.

పని ఎలా జరిగేదంటే, విదేశం నుంచి ఓడ వచ్చి బోస్టన్‌లో లంగరు వేసిందనుకోండి, సరుకు సంగతి తర్వాత, ముందు కెప్టెన్ కస్టమ్స్ కలెక్టర్ దగ్గరికెళ్లి, కిందటిసారి అమెరికా రేవుకి వచ్చినప్పట్నుంచి ఎంతమంది కళాసీలు ఎన్ని నెలలు పనిచేశారో లెక్క చెప్పి, మనిషికి నెలకి 20 సెంట్ల చొప్పున కట్టాలి. తప్పుడు లెక్క చెబితే 100 డాలర్ల జరిమానా. కట్టిన డబ్బు కళాసీ జీతంలోంచి కోసుకోవచ్చని చట్టంలోనే రాశారు. మన ఈఎస్ఐలో యజమాని వాటా కూడా ఉంటుంది, అదే ఎక్కువ కూడా. ఇక్కడ ఓడ యజమాని సొంతంగా పైసా పెట్టక్కర్లేదు. దీన్ని ప్రభుత్వ ఖర్చుతో వైద్యం అంటుంటారు గానీ, మొదట్లో ఖర్చు చాలావరకు రోగిదే, పెత్తనం ప్రభుత్వానిది. అలాగని బీమా కొనడమూ కాదు, అది చక్కగా పన్నే. 2012లో సుప్రీంకోర్టు ఒబామా చట్టాన్ని నిలబెట్టింది కూడా పన్ను అనే లెక్కలోనే.

ఈ ఆలోచన అమెరికావాళ్ల సొంతమూ కాదు. లండన్ దగ్గర గ్రీనిచ్ ఆసుపత్రి కోసం 1696 నుంచే బ్రిటిష్ నావికుల దగ్గర నెలకి ఆరు పెన్నీలు వసూలు చేసేవాళ్లు.

అమెరికాలో మొదట్లో ఏ రేవులో వసూలైన డబ్బు ఆ చుట్టుపక్కలే ఖర్చుపెట్టాలన్నారు. 1802లో అంతా ఒకే నిధి చేశారు, న్యూ ఆర్లీన్స్‌కి వచ్చే మిసిసిపీ పడవలవాళ్లనీ కలిపారు. విదేశీ కళాసీ అయితే రోజుకి 75 సెంట్లు తీసుకుని చేర్చుకునేవాళ్లు. సొంత ఆసుపత్రి లేని రేవుల్లో స్థానికంగా ఎవరితోనో బేరం కుదుర్చుకుని అక్కడ పడుకోబెట్టేవాళ్లు. డబ్బు ఏనాడూ సరిపడా వచ్చేది కాదు, కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) మళ్లీ మళ్లీ పైన వేయాల్సి వచ్చేది. అయినా రాజకీయ నాయకులకి తమ ప్రాంతంలో ఒక ఆసుపత్రి కావాలి కదా! ఆర్కాన్సా, మిసిసిపీ నదులు కలిసేచోట నెపోలియన్ అనే చిన్న ఊళ్లో కట్టిన ఆసుపత్రి గతి చూడండి, కొన్నేళ్లకే గట్టు కోసుకుపోయి నదిలో కలిసింది. తర్వాత ఆ ఊరే పోయింది.

1869లో జాన్ షా బిల్లింగ్స్ అనే సైనిక వైద్యుడి చేత తనిఖీ చేయించి, మరుసటి ఏడాది ఆసుపత్రులన్నిటినీ ఒకే కేంద్రం కిందికి తెచ్చారు. కోత 40 సెంట్లయింది. 1871లో జాన్ వుడ్‌వర్త్ వాటికి పెద్ద అయ్యాడు. ఇప్పుడు సర్జన్ జనరల్ అంటున్న, ప్రభుత్వ ప్రజారోగ్య విభాగంలో పెద్ద డాక్టరు పదవికి మొదటి మనిషి ఆయనే. 1884లో జీతంలో కోత ఆపేసి, ఓడల టన్నుల లెక్కన వచ్చే పన్ను నుంచి ఖర్చుపెట్టడం మొదలుపెట్టారు. అంటే కళాసీ జేబు వదిలేసరికి 86 ఏళ్లు పట్టింది.

1887లో న్యూయార్క్ దగ్గరి స్టాటెన్ ఐలాండ్‌లోని కళాసీల ఆసుపత్రిలో, ఒకే ఒక్క గదిలో, జోసెఫ్ కిన్యూన్ అనే యువ డాక్టర్ మైక్రోస్కోపు పెట్టుకుని కూర్చున్నాడు. కొద్ది నెలల్లోనే ఓడ దిగినవాళ్లలో కలరా క్రిమిని పట్టుకున్నాడు. ఆ గదే పెరిగి పెరిగి ఇవాళ్టి అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ అయింది. కళాసీలకి ఆ ఉచిత వైద్యం మాత్రం 1981లో, రీగన్ హయాంలో, ఆగిపోయింది.